కింద పడవ, పైన హెలికాప్టర్

మైలవరం అంటే పాతతరం వారికి నాటక సమాజం గుర్తొచ్చేది. 2024 తర్వాత బెజవాడ వాళ్లకు మాత్రం ముందుగా వాగే గుర్తొస్తోంది. మైలవరం చుట్టుపక్కల కొండల మీద పడ్డ వాన పిల్లవాగులుగా దిగివచ్చి బుడమేరు అవుతుంది. ఎండాకాలంలో దాన్ని చూస్తే ఏరు అనడానికి నోరు రాదు. ఆ ఏరే 2024 సెప్టెంబరు 1, ఆదివారం నాడు విజయవాడ సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట ఇళ్లలోకి జొరబడి రోజుల తరబడి తిష్ఠ వేసింది.

అసలు అది ఊళ్లోకి రాకూడదనే వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ కట్టారు. వరదను అక్కడ మళ్లించి, డైవర్షన్ కాలువలో ఇబ్రహీంపట్నం వైపు తీసుకెళ్లి, ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలపాలి. మిగిలిన నీరు పాత దారినే ఏనికేపాడు మీదుగా కొల్లేరుకు పోవాలి. కృష్ణ కూడా నిండుగా ఉంటే కాలువ నీటికి ఎక్కడ చోటు? ఆ రెండు రోజుల్లో జరిగింది అదే. సెప్టెంబరు 2న బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైంది. బ్యారేజీ కట్టాక అంత వరద రావడం అదే మొదలు. ఇటు డైవర్షన్ కాలువ ఎడమ కట్టకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. వెలగలేరులో గేట్లు ఎత్తేశారు. ఇక ఊరికి అడ్డు లేదు.

వరద ఊళ్లోకి వచ్చిన ముందురోజు, ఆగస్టు 31న, మొగల్రాజపురంలో కొండచరియ విరిగి ఇళ్ల మీద పడింది. కొండల మీద మెట్లు కట్టుకుని బతికే ఊరు బెజవాడ. ఆ సందుల్లోకి అంబులెన్సు రావడమే కష్టం, హెలికాప్టర్ మాట అటుంచండి. రాళ్ల కింద ఇరుక్కున్న వాళ్ల కోసం మొదట పరుగెత్తేది పక్కింటి వాళ్లే.

సింగ్ నగర్ మీదికి మాత్రం హెలికాప్టర్లు వచ్చాయి. విశాఖపట్నంలోని నేవీ స్థావరం ఐఎన్ఎస్ డేగా నుంచి చేతక్‌లు, ఏఎల్‌హెచ్‌లు దిగాయి. డాబాల మీద నిలబడి చేతులూపే జనానికి ఆహారం పొట్లాలు జారవిడిచాయి. మర్నాడు పత్రికల మొదటి పేజీల్లో ఆ బొమ్మలే. నిజానికి ఊరి మధ్య హెలికాప్టర్‌కు చేతులు కట్టేసినట్టుంటుంది. వీధికి అడ్డంగా కరెంటు తీగలు, మేడల మీద ఇనుప రేకులు, నీళ్ల ట్యాంకులు. మరీ కిందికి దిగితే రెక్కల గాలికి రేకులు లేచిపోతాయి, మరీ పైనుంచి వదిలితే పొట్లాం పగులుతుంది, లేదంటే పక్క సందులో నీళ్లలో పడుతుంది. గురి చూసి కొట్టడానికి డాబా మామిడికాయ కాదు. ఎనిమిది, పది కిలోలు మోసే డ్రోన్లను రంగంలోకి దించడం వెనక ఉన్న అవసరం ఇదే.

మరి మనుషుల్ని బయటికి తెచ్చింది ఎవరు? పడవల వాళ్లు. ఎన్డీఆర్‌ఎఫ్, ఎస్డీఆర్‌ఎఫ్ రబ్బరు బోట్లతో పాటు తీర ప్రాంతాల నుంచి మత్స్యకారులు తమ పడవలతో వచ్చారు. సముద్రపు అలకు భయపడని చేతులు సందు మలుపుల్లో తడబడ్డాయంటే ఆశ్చర్యమేమీ లేదు. నీటి కింద ఆగి ఉన్న బైకు, మూత లేని మురుగు కాలువ, గేటు ఊచలు పైకి కనబడవు. అందుకే పడవ ముందు భాగంలో ఆ వీధి కుర్రాడొకడు గడకర్రతో దారి చెప్పాల్సి వచ్చింది. ఏ సంస్థలోనూ చేరని వాళ్లు, ట్రాక్టరు ట్యూబులు, థర్మాకోల్ తెప్పలు కట్టి పాలు, మందులు మోసిన వాళ్లు ఎంతమందో. గుక్కెడు నీళ్ల కోసం ఇబ్బందిపడ్డ వాళ్ల దగ్గర పడవ ఎక్కించడానికి డబ్బు అడిగారన్న ఫిర్యాదులూ అప్పుడే వచ్చాయి. వరదలో అందరూ దేవుళ్లైపోరు.

అదే ఆదివారం ఎగువన ఖమ్మంలో ఇంకో ముచ్చట. మున్నేరు పొంగి ప్రకాశ్ నగర్ వంతెన మీద తొమ్మిది మంది చిక్కుకుపోయారు. హెలికాప్టర్ కోసం ఎదురుచూశారు, వాతావరణం అనుకూలించక అది రాలేదు. హర్యానా నుంచి వచ్చిన సుభాన్ ఖాన్ అనే డ్రైవర్ తన జేసీబీ తీసుకుని వంతెన మీదికి వెళ్లి అందర్నీ వెనక్కి తెచ్చాడు. ఆ మున్నేరు నీళ్లే కృష్ణలో కలిసి బ్యారేజీకి చేరాయి.

ఈ కథ పాతదే. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ఊడ్చేసింది. అధికారిక లెక్కల్లోనే మృతులు దాదాపు పదివేలు. నాగాయలంక దగ్గర సొర్లగొంది లాంటి ఊళ్లకు దారులు తెగిపోయాయి. అప్పుడూ ఆకాశం నుంచి ఆహారం పడింది. కానీ పొలాల్లో, ముళ్లకంపల్లో ఉబ్బిన శవాలను ఎత్తి దహనం చేయడానికి హెలికాప్టర్ దిగదు కదా. ఆ పని కాలేజీ కుర్రాళ్లు, స్వచ్ఛంద సంస్థల వాళ్లు మూతికి గుడ్డలు కట్టుకుని చేశారు. రామకృష్ణ మిషన్, ఆరెస్సెస్, విజయవాడ నాస్తిక కేంద్రం: దేవుడి విషయంలో ఒక మాట మీద ఉండని వాళ్లంతా ఒకే బురదలో దిగారు. దివిసీమ నాయకుడు మండలి వెంకట కృష్ణారావు అక్కడే మకాం పెట్టారు. ఆ అనుభవంతోనే తుపాను షెల్టర్లు, ముందస్తు తరలింపులు వచ్చాయి. 1990 మే తుపాను అంతే గట్టిగా కొట్టినా లక్షల మందిని ముందే తరలించడంతో మృతులు వెయ్యి దాటలేదు.

బుడమేరు విషయానికొస్తే, అందరూ సింగ్ నగర్ వైపు చూస్తుండగా మైలవరం నియోజకవర్గంలో కవులూరు దగ్గర గండ్లు పడిన కాలువ కట్ట మీద ఇంకో పోరాటం నడిచింది. గండి పూడిస్తే గాని ఊళ్లోకి నీళ్లు రావడం ఆగదు. రాళ్లు పోస్తే ప్రవాహం లాక్కుపోతోంది, లారీలు వెళ్లే దారి వానకు దిగబడుతోంది. జలవనరుల మంత్రి నిమ్మల రామానాయుడు రాత్రింబవళ్లు ఆ గట్టు మీదే ఉన్నారు. చివరికి ఆర్మీ ఇంజినీర్లు వచ్చి ఇనుప తీగల బుట్టల్లో రాళ్లు నింపి పేర్చారు. మూడో గండి సెప్టెంబరు 7న పూడింది.

నీళ్లు తీసిన వీధుల్లోకి మళ్లీ కొత్త మనుషులు దిగారు. వేరే మున్సిపాలిటీల నుంచి పారిశుద్ధ్య కార్మికులు, మంటలార్పే ఫైరింజన్లు. సింగ్ నగర్‌లో ఆ వారం ఫైరింజన్ గొట్టాల పని ఇళ్లలో మోకాలి లోతు ఒండ్రు కడగడం.