మెకానిక్ చేతులకి గ్లవ్సు అక్కర్లేదా?

కారు బానెట్ ఎత్తి పని చేసేవాళ్ళలో రెండు తెగలున్నాయి. గ్లవ్సు వేసుకునే తెగ ఒకటి, వాళ్ళని చూసి నవ్వే తెగ ఇంకోటి. రెండో తెగ వాదన మనందరికీ తెలిసిందే. "చేతికి గ్రీజు అంటకుండా మెకానిక్ పనేంటి బాబూ? బోల్టు మర సరిగ్గా పట్టిందో లేదో వేలికి తెలియాలి. మా గురువు నలభై ఏళ్ళు ఉత్త చేతుల్తోనే చేశాడు, ఆయనకేమైంది?"

ఇందులో మొదటి రెండు మాటల సంగతి తర్వాత చూద్దాం. మూడోదే నన్ను తొలుస్తోంది. "ఆయనకేమైంది?" అన్నది నిజంగా ప్రశ్నే అయితే, దానికి జవాబు వెతికినవాళ్ళు ఉన్నారు. ఆ వెతుకులాట రెండున్నర శతాబ్దాల నాటిది, కారు పుట్టకముందే మొదలైంది. అందుకని కాస్త వెనక్కి వెళ్ళాలి.

1775లో లండన్ సెయింట్ బార్తలోమ్యూ ఆస్పత్రిలో పెర్సివల్ పాట్ అనే సర్జన్ ఒక సంగతి రాశాడు. ఇళ్ళ పొగగొట్టాల్లోకి దూరి మసి దులిపే పని చేసినవాళ్ళకి, పెద్దయ్యాక వృషణాల సంచి మీద చర్మానికి క్యాన్సర్ వస్తోందని. ఒక ఫలానా పనికీ, ఒక ఫలానా క్యాన్సర్‌కీ లంకె పెట్టిన తొలి రాత ఇదేనంటారు. నాకు నచ్చింది ఇంకో చిన్న విషయం. డాక్టర్ల కంటే ముందే ఆ పని చేసేవాళ్ళు దానికి "మసి పులిపిరి" అని పేరు పెట్టుకున్నారు. అంటే రోగం వాళ్ళకి తెలుసు. అది దేనివల్లో, ఏం చేస్తే రాదో చెప్పే నాథుడే లేడు.

సరే, మసి అయిపోయింది. తర్వాతది నూనె. 19వ శతాబ్దంలో స్కాట్లండులో షేల్ రాయిని కాల్చి నూనె, పారఫిన్ తీసేవారు. అక్కడ పనిచేసే వాళ్ళకీ ఇదే క్యాన్సర్ వస్తోందని 1876లో ఎడిన్‌బరో సర్జన్ జోసఫ్ బెల్ రాశాడు. ఈ పేరు ఎక్కడో విన్నట్టుందా? షెర్లాక్ హోమ్స్ పాత్రకి మూలం ఈయనే. కానన్ డాయిల్‌కి పాఠాలు చెప్పిన గురువు. మనిషిని ఓసారి ఎగాదిగా చూసి వాడి వృత్తి చెప్పేస్తాడని పేరు. చర్మం చూసి వృత్తి పట్టుకోవడం ఆయనకి వింతేం కాదన్నమాట.

ఇలాంటి నూనెలే ఇంగ్లండులో లాంకషైర్ నూలు మిల్లుల్లోకి కందెనగా వెళ్ళాయి. అక్కడ మ్యూల్ అనే వడుకు యంత్రం ఉండేది. వందల కదుళ్ళు గిర్రున తిరుగుతుంటే వాటికి పోసిన నూనె సన్నటి తుంపరలా ఎగిరేది. తెగిన దారం అతకాలంటే పనివాడు యంత్రం మీదకి వంగాలి. రోజంతా వంగుతూ లేస్తూ ఉంటే లాగు ముందుభాగం నూనెతో తడిసి ముద్దయ్యేది. 1922లో సౌథం, విల్సన్ అనే ఇద్దరు మాంచెస్టర్ రాయల్ ఆస్పత్రి రికార్డులు తిరగేశారు. అంతకుముందు ఇరవై ఏళ్ళలో అక్కడికి వచ్చిన 141 వృషణ సంచి క్యాన్సర్ కేసుల్లో 69 మంది మ్యూల్ మీద పనిచేసినవాళ్ళే. దాదాపు సగం!

మరి చట్టం ఎప్పుడొచ్చింది? 1953లో. బాగా శుద్ధి చేసిన నూనెలే వాడాలని అప్పుడు నిబంధన పెట్టారు. లెక్క తేలింది 1922లో, ప్యాచ్ రిలీజయింది 1953లో. అప్పటికి మ్యూల్ యంత్రాలే మూలపడిపోతున్నాయి. ఎండ్ ఆఫ్ లైఫ్ అయిన ప్రోడక్టుకి బగ్ ఫిక్స్ ఇచ్చినట్టు.

ఈలోగా సైన్సు మాత్రం తన పని తాను చేసుకుపోయింది. 1915లో జపాన్‌లో యమగివా, ఇచికావా అనే ఇద్దరు కుందేళ్ళ చెవులకి నెలల తరబడి తారు పూసి పూసి క్యాన్సర్ పుట్టించి చూపించారు. 1933లో లండన్లో కెనవే బృందం రెండు టన్నుల తారు పిచ్ తీసుకుని, వడగట్టి వడగట్టి చివరికి అసలు దోషిని పట్టుకుంది. దాని పేరు బెంజోపైరీన్. బొగ్గో నూనెనో పెట్రోలో సరిగ్గా కాలనప్పుడు పుట్టే పదార్థాల కుటుంబంలోది.

ఇక్కడ మన కారు కథలోకి వస్తుంది. సీసాలోంచి పోసిన కొత్త ఇంజిన్ ఆయిలు తేనెరంగులో ఉంటుంది, కాస్త మంచిదే. ఈ రోజుల్లో దాన్ని బాగా శుద్ధి చేస్తారు. అదే వేల కిలోమీటర్లు తిరిగాక నల్లగా కారుతుంది చూడండి, అందులో అరకొరగా మండిన పెట్రోలు తాలూకు ఈ కుటుంబమంతా వచ్చి చేరుతుంది. పాట్ చూసిన మసికి ఇది చుట్టమే. వాడిన ఆయిలు రోజూ రాస్తే ఎలుకలకి చర్మ క్యాన్సర్ వచ్చిందని అమెరికాలో అమ్మే ఆయిలు డబ్బాల మీద హెచ్చరిక వేసేవారు. ఆయిలు మార్చేటప్పుడు ఆ చిన్న అక్షరాలు చదివినవాళ్ళు ఎంతమంది అంటారా? మనం లైసెన్స్ అగ్రిమెంట్ ఎంత శ్రద్ధగా చదువుతామో అంత.

మరీ భయపెట్టడం నా ఉద్దేశం కాదు. ఏడాదికి రెండుసార్లు ఇంటిముందు ఆయిలు మార్చుకుని, వెంటనే సబ్బుతో కడుక్కునేవాడికి ముప్పు చాలా తక్కువ. ఇది డోసు లెక్క. రోజూ, ఏళ్ళ తరబడి, కడుక్కోకుండా అంటుకుని ఉంటేనే అసలు ప్రమాదం. అదీ ఇరవై ముప్పై ఏళ్ళకి బయటపడుతుంది. మెమరీ లీక్ లాంటిది. డెమోలో కనపడదు, ప్రొడక్షన్లో ఎప్పుడో కూలిపోతుంది. "మా గురువుకేమైంది" అనేవాడు చూసింది డెమో మాత్రమే.

"తెలియక జరిగింది, ఎవర్ని అనగలం" అనుకునేవాళ్ళ కోసం ఇంకో కథ. ఇంగ్లండులో బోల్టులు, నట్లు తయారుచేసే జీకేఎన్ వారి ఫ్యాక్టరీలో స్టోక్స్ అనే టూల్ సెట్టర్ ఉండేవాడు. ఏళ్ళ తరబడి నూనె కారే యంత్రాల మీదకి వంగి పని చేశాడు. అదే క్యాన్సర్‌తో చనిపోయాడు. భార్య కోర్టుకెళ్ళింది. 1968లో తీర్పు ఆమె వైపు వచ్చింది. విచారణలో తేలిందేమిటంటే, ఫ్యాక్టరీ డాక్టరుకి ఈ ముప్పు సంగతి తెలుసు. అరుదుగా వస్తుంది కదా, చెబితే పనివాళ్ళు ఊరికే బెదిరిపోతారని ఊరుకున్నాడు. ఒక కరపత్రం పంచి, ఆర్నెల్లకోసారి పరీక్ష చేయించి ఉంటే సరిపోయేదని జడ్జి అభిప్రాయం. పాట్ రాసింది 1775లో, ఈ తీర్పు 1968లో. 193 ఏళ్ళ తర్వాత కూడా సమాచారం డాక్టరు గదిలోంచి యంత్రం దగ్గరికి నడిచి రాలేదు. నా దృష్టిలో ఈ మొత్తం చరిత్ర సారం ఇదే. తెలిసినవాడికి నూనె అంటదు, నూనె అంటినవాడికి తెలియదు.

తెలిసి తెలిసి చేతులు ముంచిన మహానుభావుడూ ఒకడున్నాడు. పెట్రోల్లో సీసం కలపడం కనిపెట్టిన థామస్ మిడ్జ్‌లీ. 1924 అక్టోబరులో న్యూజెర్సీలోని ఒక రిఫైనరీలో ఆ సీసం పదార్థం తయారుచేస్తూ ఐదుగురు పిచ్చెత్తినట్టయి చనిపోయారు. గోల పెరిగేసరికి అక్టోబరు 30న మిడ్జ్‌లీ విలేకరుల ముందు ఆ ద్రవాన్ని చేతుల మీద పోసుకుని కడుక్కుని, ఒక నిమిషం వాసన పీల్చి, ఏం కాదని చూపించాడు. అంతకుముందు ఏడాదే ఆయన సీసం వల్ల ఒళ్ళు పాడై ఫ్లోరిడాకి విశ్రాంతికి వెళ్ళొచ్చాడు! ఈ పదార్థం చర్మంలోంచి ఇట్టే లోపలికి వెళ్తుంది. మన దేశమంతటా సీసం లేని పెట్రోలు వచ్చింది 2000 ఫిబ్రవరిలో. అప్పటిదాకా షెడ్డుల్లో పెట్రోలుతో చేతులు కడుక్కున్నవాళ్ళూ, ట్యూబు నోట్లో పెట్టి ట్యాంకులోంచి లాగినవాళ్ళూ రోజూ మిడ్జ్‌లీ ప్రదర్శనే చేశారు. కాకపోతే విలేకరులు లేరు.

ఇప్పుడు గ్లవ్సు సంగతి. రబ్బరు గ్లవ్సు అనగానే రోగిని కాపాడ్డానికి వచ్చాయనుకుంటాం. కాదు, పనిచేసే చేతుల్ని కాపాడ్డానికే వచ్చాయి. 1889 చలికాలంలో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రిలో కెరొలైన్ హాంప్టన్ అనే నర్సుకి క్రిములు చంపే పాదరసపు మందునీళ్ళ వల్ల చేతులు పుండ్లుపడ్డాయి. సర్జన్ విలియం హాల్‌స్టెడ్ ఆమె కోసం గుడ్‌ఇయర్ రబ్బర్ కంపెనీతో పలచటి గ్లవ్సు చేయించాడు. (టైర్ల గుడ్‌ఇయర్ కాదు లెండి, అది 1898లో పుట్టింది.) మరుసటేడు ఇద్దరికీ పెళ్ళయింది. అందరూ గ్లవ్సు వేసుకుంటే రోగులకి ఇన్ఫెక్షన్లు తగ్గుతాయని తేలింది ఆ తర్వాత కొన్నేళ్ళకి. మొదట కాపాడాలనుకున్నది మాత్రం ఒక పనిమనిషి చేతుల్నే, అదీ ఆ చేతులంటే పెద్దాయనకి ఇష్టం కాబట్టి. షెడ్డులో హెల్పర్ కుర్రాడికి అలాంటి హాల్‌స్టెడ్ ఎవరూ దొరకలేదు, అంతే తేడా.

ఆస్పత్రి గ్లవ్సు మెకానిక్కుకి పనికిరాకపోవడానికి సాంకేతిక కారణం కూడా ఉంది. సహజ రబ్బరుకి నూనె, పెట్రోలు పడవు. ఉబ్బి, మెత్తబడి చిరిగిపోతుంది. 1930లలో జర్మనీలో నూనెకి తట్టుకునే నైట్రైల్ రబ్బరు తయారైంది. కారులో ఆయిలు సీళ్ళు, ఓ-రింగులు, పెట్రోలు గొట్టాలు చాలావరకు దీంతోనే చేస్తారు. చోద్యం చూడండి, ఇంజిన్ నూనె కారకుండా దశాబ్దాలుగా నైట్రైల్ కాపలా కాస్తోంది. ఆ ఇంజిన్ విప్పే చేతికి అదే నైట్రైల్, వాడి పారేసే గ్లవ్సు రూపంలో వచ్చింది మాత్రం 1990లలో. అదీ మెకానిక్కుల కోసం కాదు, ఆస్పత్రుల్లో లేటెక్స్ ఎలర్జీలు పెరిగినందుకు.

ఇప్పుడు మొదట వదిలేసిన రెండు వాదనలకి వద్దాం. వేలికి స్పర్శ తెలియాలన్నది నిజమే. బరువైన తోలు గ్లవ్సుతో చిన్న స్క్రూ పట్టుకోలేం. కానీ పలచటి నైట్రైల్‌తో బోల్టు మర తెలుస్తుంది, ఓసారి వేసుకుని చూస్తే చాలు.

గ్లవ్సు వద్దనే తెగ చెప్పాల్సిన అసలు మాట వేరే ఉంది, అది నూటికి నూరుపాళ్ళూ కరెక్టు. తిరిగేదాని దగ్గర గ్లవ్సు వేసుకోకూడదు. ఇంజిన్ ఆన్‌లో ఉండగా ఫ్యాను బెల్టు దగ్గర, డ్రిల్లు దగ్గర, లేతు దగ్గర గ్లవ్సు కొస చిక్కుకుంటే చేయి వెనక్కి రాదు. ఉంగరాలకీ, కడియాలకీ ఇదే సూత్రం.

అలాగే ఏ గ్లవ్సయినా అన్నిటికీ పనిచేయవు. పలచటి నైట్రైల్ నూనెని ఆపుతుంది. ఎసిటోన్ లాంటివి, కొన్ని రకాల బ్రేక్ క్లీనర్లు నిమిషాల్లో దాటి వచ్చేస్తాయి. 1996లో అమెరికాలో డార్ట్‌మత్ కాలేజీ ప్రొఫెసర్ కేరెన్ వెటర్‌హాన్ లేటెక్స్ గ్లవ్సు మీద కొన్ని చుక్కల డైమిథైల్ మెర్క్యురీ ఒలికింది. గ్లవ్సు ఉన్నాయి కదా అనుకుంది. అది సెకన్లలో గ్లవ్సు దాటిపోతుందని తర్వాత చేసిన పరీక్షల్లో తేలింది. 1997 జూన్‌లో ఆమె చనిపోయింది. ఫైర్‌వాల్ ఉందని సంబరపడే ముందు ఏ పోర్టులు తెరిచి ఉన్నాయో చూసుకోవాలని మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

విజయవాడ ఆటోనగర్ వెళ్ళండి, హైదరాబాదులో మీ వీధి చివర షెడ్డుకే వెళ్ళండి. హెల్పర్ కుర్రాడి ప్యాంటు జేబులో నూనె గుడ్డ వేలాడుతూ ఉంటుంది. లాంకషైర్ లాగు గుర్తొచ్చిందా? సాయంత్రం కిరసనాయిలుతోనో పెట్రోలుతోనో చేతులు రుద్ది, తర్వాత సర్ఫు, రంపపు పొట్టు వేసి తోముతారు. చర్మానికి సహజంగా ఉండే జిడ్డుని కిరసనాయిలు పీల్చేస్తుంది. చర్మం పగులుతుంది, ఆ పగుళ్ళలోంచి మర్నాటి నూనె ఇంకా సులువుగా లోపలికి పోతుంది. శుభ్రం చేసుకోవడమే రోగానికి దారి తీయడం అంటే ఇదే.

ఒక మార్పు మాత్రం మొదలైంది. ఎలక్ట్రిక్ కార్లలో బ్యాటరీ వోల్టేజి 300, 400 దాటి ఉంటుంది. ఆ నారింజరంగు కేబుళ్ళ జోలికి వెళ్ళాలంటే 1000 వోల్టులు తట్టుకునే రబ్బరు గ్లవ్సు, వాటి మీద తోలు గ్లవ్సు తప్పనిసరి. వేసుకునే ముందు గాలి నింపి చిల్లుందేమో చూడాలి. దీన్ని చూసి ఏ తెగవాడూ నవ్వడు. కరెంటు వెంటనే చంపుతుంది కాబట్టి వింటారు. నూనె ముప్పై ఏళ్ళు తీసుకుంటుంది కాబట్టి నవ్వుతారు. అంతకు మించి తేడా ఏమీ లేదు.

కాబట్టి నా తీర్పు ఇది. ఆయిలు, గ్రీజు, పెట్రోలు ముట్టుకుంటే నైట్రైల్ వేసుకోవాలి. ఇంజిన్ తిరుగుతుంటే తీసేయాలి. చిరిగితే పారేయాలి. నూనె గుడ్డ జేబులో పెట్టకూడదు. చేతులకి సబ్బే వాడాలి, కిరసనాయిలు కాదు.

ఇది మీకూ నాకూ పెద్ద కష్టం కాదు, మన ముప్పూ పెద్దది కాదు. ముప్పున్నది మన కారు బాగుచేసేవాడికి. ఈసారి సర్వీసింగుకి వెళ్ళినప్పుడు ఒక నైట్రైల్ గ్లవ్సు డబ్బా కొని ఇవ్వండి. ఊరికే ఇచ్చి రావద్దు, ఎందుకో చెప్పండి. "అన్నా, ఈ నల్ల ఆయిలు చర్మానికి మంచిది కాదంట, ఆ గుడ్డ జేబులో పెట్టకు" అని. వాడతాడో లేదో అతనిష్టం. స్టోక్స్‌కి ఆ మాట చెప్పినవాడు లేడు.