పేరు లేని ఇనుప పొయ్యి

కుంపటిని ఎక్కడ పెట్టుకోవాలో మన ఇళ్ళల్లో ఎవరూ పుస్తకం చూసి నేర్చుకోలేదు. గోడకు మరీ దగ్గరగా పెడితే గోడ నల్లబడుతుంది, అమ్మ కేకలేస్తుంది, అంతటితో సరి. గోడ మట్టిదో ఇటుకదో కావటంవల్ల నల్లబడి ఊరుకుంటుంది. మన భయమంతా పైనున్న తాటాకును గురించే. అదే గోడ కొయ్యది అయితే, ఆ కుంపటి నాలుగైదు నెలలపాటు రాత్రింబగళ్ళు ఆరకుండా మండవలసి ఉంటే ఏమవుతుంది?

ఉత్తర అమెరికా శీతల ప్రాంతాలలో ఇది మూడు వందల ఏళ్ళ నాటి ప్రశ్న. అక్కడి ఇళ్ళు చాలావరకు కొయ్య గుంజలతో కట్టినవి. పైన సున్నపు పూత ఉన్నా లోపల ఉండేది కొయ్యే. అటువంటి గదిలో గజం ఎత్తు ఇనుప పొయ్యిని నిలిపి కట్టెలు మండిస్తారు. ఇప్పటి పొయ్యి అయితే దాని వీపున ఒక లోహపు పలక ఉంటుంది. ఎవరు చేశారు, ఏ పరీక్షకు నిలిచింది, గోడకు ఎన్ని అంగుళాల దూరంలో ఉండాలి అన్నది దానిమీద అచ్చయి ఉంటుంది. కాని పాత ఇల్లు కొన్నవారికి నేలమాళిగలో దొరికే పొయ్యిమీద ఏమీ ఉండదు. ఇది ఎవరిది? ఏనాటిది? గోడకు ఎంత దూరంలో ఉంచాలి? మొదటి రెండు ప్రశ్నలు చరిత్రకు సంబంధించినవి, మూడవది భౌతికశాస్త్రానికి సంబంధించినది. ఈ మూడింటికి ఉన్న సంబంధం మనం అనుకునేటంత సూటిగా లేదు.

పేరు లేని పొయ్యిలను గుర్తించే విద్యకు మూలపురుషుడని చెప్పదగినవాడు హెన్రీ చాప్‌మన్ మెర్సర్ (1856–1930). పెన్సిల్వేనియా రాష్ట్రంలోని డాయల్స్‌టౌన్ ఆయన ఊరు, పురావస్తు పరిశోధకుడు. పంతొమ్మిదవ శతాబ్ది చివరి సంవత్సరాలలో ఆ చుట్టుపక్కల పల్లెలలో ఆయనకు బరువైన పోత ఇనుప పలకలు కనిపించసాగాయి. ఒకచోట కాలువమీద మూతగా, ఒకచోట గడపముందు చప్టాగా, మరొకచోట పొయ్యి వెనుక గోడకు అడ్డుగా వాడుతున్నారు. వాటిపైన ఆదాము హవ్వలు, కానా ఊరి పెళ్ళి వంటి బైబిలు దృశ్యాలు, జర్మన్ భాషలో వాక్యాలు, కొన్నింటిపై సంవత్సరాలు. వాడుతున్నవారికి అవి మొదట ఏమిటో తెలియదు. మెర్సర్ వాటిని పోగుచేసి, అంచులు ఒకదానికొకటి ఎలా అమరుతాయో చూసి, ఐదేసి పలకలు కలిస్తే ఒక పెట్టె అవుతుందని, అవి జర్మనీనుంచి వచ్చి స్థిరపడినవారి పొయ్యిలని తేల్చాడు. 1914లో ఆయన ప్రకటించిన ‘ది బైబిల్ ఇన్ ఐరన్’ అనే గ్రంథం ఈ విషయంలో నేటికీ ఆధారమే.

పెట్టెకు ఆరు ముఖాలు కదా, ఐదు పలకలేమిటని విద్యార్థులు అడగవచ్చును. ఆరవ ముఖం గోడ. వంటగది పొయ్యి వెనుక రాతిగోడకు రంధ్రం చేసి, ఈ పెట్టెను అవతలి గదిలోకి పొడుచుకు వచ్చేటట్లు అమర్చేవారు. నిప్పు వేసేది వంటగదినుంచే. పొగ తిరిగి వంటగది చిమ్నీలోకే పోయేది. గదిలో కూర్చున్నవారికి పొగలేని వేడి దక్కేది. పెట్టెకు వెనుక ఉన్నది దళసరి రాతికట్టడం కనుక ఆవైపు అంటుకుంటుందనే భయం లేదు. పద్దెనిమిదవ శతాబ్ది నడుమ ఆరవ పలక వచ్చింది. దానితోపాటు సొంత తలుపు, సొంత పొగగొట్టం వచ్చాయి. పొయ్యి రాతిగోడను వదలి గది మధ్యకు నడిచి వచ్చిందన్నమాట. నాకు తోచినంతవరకు దూరం అనే సమస్య పుట్టింది ఆనాడే. రాతిగోడ ఇచ్చిన రక్షణను ఇకమీదట గాలి, ఖాళీ స్థలం ఇవ్వవలసి వచ్చింది.

ఈ కాలంలోనే బెంజమిన్ ఫ్రాంక్లిన్ తన ‘పెన్సిల్వేనియా పొయ్యి’ని రూపొందించి 1744లో దానిని వర్ణిస్తూ ఒక చిన్న పుస్తకం అచ్చువేశాడు. పేటెంటు ఇస్తామన్నా వద్దన్నాడు. అంతకు ఎనిమిదేళ్ళ ముందు, 1736లో, ఫిలడెల్ఫియాలో నిప్పు ఆర్పే స్వచ్ఛంద దళాన్ని ఏర్పరచినవాడూ ఆయనే. పేటెంటు లేకపోవటంవల్ల ఎవరికి తోచిన మార్పులు వారు చేసుకున్నారు. ముందు తెరచి ఉండే ప్రతి ఇనుప పొయ్యికీ ‘ఫ్రాంక్లిన్’ పేరు అంటుకున్నది. కాబట్టి నేడు ఒక పొయ్యిమీద ఫ్రాంక్లిన్ అని పోతపోసి ఉంటే దానినిబట్టి ఆకారం తెలుస్తుందేగాని, కాలం తెలియదు, కర్త తెలియడు.

కాలాన్ని పట్టి ఇచ్చే ఆనవాలు మరొకటి ఉన్నది. పేటెంటు పొందిన వస్తువులపై ఆ పేటెంటు తేదీని ముద్రించాలని 1842లో అమెరికా శాసనం చేసింది. 1927 తరువాత తేదీకి బదులు పేటెంటు సంఖ్య వేయటం మొదలైంది. పంతొమ్మిదవ శతాబ్దిలో న్యూయార్కు రాష్ట్రంలోని ట్రాయ్, ఆల్బనీ పట్టణాలు పొయ్యిల తయారీకి పేరుపొందినవి. అక్కడి పోత కర్మాగారాలు తలుపు లోపలి వైపునో, బూడిద అర అడుగుననో ఇటువంటి తేదీలను పోసేవి. ఇందులో ఒక చిక్కు ఉన్నది. పొయ్యిమీద 1871 అని ఉంటే అది 1871లో చేసినదని కాదు. అంతకు పూర్వం చేసినది కాదని మాత్రమే. అదే అచ్చుతో ఎన్నో ఏళ్ళు పోతపోసి ఉండవచ్చును. నాణెంమీది సంవత్సరంలాంటిది కాదు ఇది.

ఏ ఆనవాలూ లేని పొయ్యిలు ఎక్కువగా పుట్టింది మాత్రం ఇటీవలి కాలంలోనే. 1973 అక్టోబరులో అరబ్బు దేశాలు చమురు ఎగుమతిపై ఆంక్షలు పెట్టగా ధరలు మండిపోయాయి. చమురుతో ఇళ్ళు వెచ్చబెట్టుకుంటున్న అమెరికనులు మళ్ళీ కట్టెలవైపు తిరిగారు. దళసరి ఉక్కు పలకలను వెల్డింగు చేసి పొయ్యిలు తయారుచేసే చిన్న చిన్న షాపులు పుట్టుకొచ్చాయి. ఒకరి నమూనా చూసి ఒకరు చేశారు. చాలావాటిపై చేసినవారి పేరైనా లేదు. తలుపు ఆకారం, పలక మందం, కీలు చేసిన తీరు, లోపలి ఇటుకల వరుస, వీటిని చూసి తెలిసినవారు కొంతవరకు పోల్చుకోగలరు. 1988లో అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ కొత్త కట్టెల పొయ్యిలకు పొగ పరిమితులను విధించి, వాటికి చీటీ తప్పనిసరి చేసింది. అందుచేత చీటీ జాడే లేని ఉక్కు పొయ్యి బహుశా అంతకు ముందుదని ఊహించవచ్చును. లేకపోవటం కూడా ఒక్కొక్కసారి సాక్ష్యమే.

సరే, ఎంతో శ్రమపడి పొయ్యి పేరు, ఊరు, కాలం తెలుసుకున్నామనుకుందాం. గోడకు దూరం తెలిసినట్లేనా? తెలియలేదు. వీపుమీది పలక చెప్పేది పేరొక్కటే కాదు. అది ఒక ప్రయోగ ఫలితం. 1894లో షికాగోలో పుట్టిన అండర్‌రైటర్స్ లేబొరేటరీస్ వంటి పరీక్షాలయాలలో పొయ్యిని కొయ్య గోడల మూలలో నిలిపి, బలంగా మండించి, గోడలో అక్కడక్కడ ఉష్ణోగ్రత కొలుస్తారు. పొయ్యికి ఎదురుగా ఉన్న గోడ ఉపరితలం గది ఉష్ణోగ్రతకంటె సుమారు 65 సెంటిగ్రేడు డిగ్రీలకు మించి వేడెక్కరాదు. ఆ షరతు నెగ్గిన దూరమే పలకమీదికి ఎక్కుతుంది. 1871నాటి పొయ్యికి ఈ పరీక్ష ఎన్నడూ జరగలేదు. వంశచరిత్ర ఎంత తెలిసినా ఆ అంకె పుట్టదు.

కొయ్య అంటుకోవటానికి సుమారు 250 డిగ్రీలు కావాలి కదా, పరిమితి ఇంత తక్కువేమిటని అనిపిస్తుంది. ఈ విషయంలోని అపాయమంతా ఇక్కడే ఉన్నది. ఆ 250 కొద్ది నిమిషాలపాటు వేడిచేసిన కొయ్య సంగతి. నూరు డిగ్రీలకు కొంచెం పైన నెలల తరబడి, ఏళ్ళ తరబడి కాగిన కొయ్య నెమ్మదిగా విచ్ఛిన్నమై, గోధుమరంగు తిరిగి, చివరకు బొగ్గువలె అవుతుంది. అటువంటి కొయ్య మామూలు కొయ్యకంటె తక్కువ వేడికే రగులుకొనగలదు. పైన సున్నపు పూత తెల్లగానే ఉంటుంది. లోపలి గుంజ మాడుతూ ఉంటుంది. “పదేళ్ళుగా ఇక్కడే ఉంది, ఏమీ కాలేదు” అనేది చాలామంది చెప్పే మాట. నిజానికి ఆ పదేళ్ళు గోడను పదకొండవ ఏటికి సిద్ధం చేస్తూ ఉండవచ్చును.

పొయ్యినుంచి గోడకు చేరే వేడిలో ముఖ్య భాగం వికిరణం. స్టీఫాన్ 1879లో కనుగొన్న సూత్రం ప్రకారం ఈ వేడి పరమ ఉష్ణోగ్రత నాలుగవ ఘాతాన్ని అనుసరిస్తుంది. విద్యార్థులు లెక్క వేసి చూడవచ్చును: ఇనుము ఉపరితలం 300 డిగ్రీలనుంచి 400 డిగ్రీలకు పెరిగితే, అంటే 573 కెల్విన్‌లనుంచి 673కు పెరిగితే, వెలువడే వికిరణం దాదాపు రెట్టింపు అవుతుంది. గాలి కవాటం మూయటం మరచిన ఒక్క రాత్రి చాలు.

కనుకనే అమెరికా అగ్ని రక్షణ సంఘంవారి (1896లో స్థాపితమైనది) 211వ నంబరు ప్రమాణం, పరీక్షకు నిలిచినట్లు దాఖలా లేని పొయ్యిలన్నింటినీ ఒకే గాటన కట్టి, దహనశీలమైన దేనికైనా అన్ని వైపులా 36 అంగుళాలు, అంటే సుమారు 91 సెంటీమీటర్లు, ఎడం ఉండాలంటుంది. ఒంటిపొర పొగగొట్టానికి 18 అంగుళాలు. చక్కని కొత్త పొయ్యికి పది పన్నెండు అంగుళాలు చాలినచోట దీనికి గజం కావాలి. తెలియనితనానికి చెల్లించే మూల్యమిది.

రెండడుగుల వెడల్పు పొయ్యికి ఇరువైపులా గజం విడిస్తే ఎనిమిది అడుగుల గది దానికే సరిపోతుంది. అందుకని గోడకు రక్షణ కల్పించి దూరాన్ని తగ్గించే పద్ధతులూ ఆ ప్రమాణంలో ఉన్నవి. వాటిలో ఒక వింత. గోడకు ఆనించి మూడున్నర అంగుళాల ఇటుక కట్టు కడితే తగ్గేది మూడవ వంతే; దూరం 24 అంగుళాలవుతుంది. అదే ఒక పలుచని ఇనుప రేకును గోడకు ఒక అంగుళం ఎడంగా నిలిపితే మూడింట రెండు వంతులు తగ్గి 12 అంగుళాలు సరిపోతుంది. బరువైన ఇటుకకంటె పలుచని రేకు మెరుగు! గోడకు అంటుకుని ఉన్న ఇటుక వేడిని ఆలస్యంగానైనా వెనుకకు చేరవేస్తుంది. రేకు వెనుక గాలి వేడెక్కి పైకి లేస్తుంది, కిందినుంచి చల్లగాలి వస్తుంది, వేడిని మోసుకుపోతుంది. ఇటుకకట్టుకైనా వెనుక అంగుళం ఖాళీ విడిస్తే ఆ 12 అంగుళాలే వర్తిస్తాయి. పని చేస్తున్నది ఇటుకా కాదు, రేకూ కాదు, ఆ అంగుళం గాలి. కాబట్టి రేకు అడుగున, పైన సందు తెరచి ఉంచాలి. రేకును నిలిపే గుబ్బలు కాలని పదార్థంతో చేసినవై ఉండాలి. పొయ్యికి సరిగ్గా ఎదురుగా ఉండకూడదు, ఉంటే వాటిగుండా వేడి నేరుగా గోడలోకి పోతుంది. అందం కోసం కింది సందును చెక్కతో మూసేవారు ఉన్నారట. వారు రేకు ఖర్చు దండగ చేసుకున్నట్లే.