జిజాన్‌లో ఆన్‌లైన్ తరగతులు: విద్యార్థి భాగస్వామ్య చరిత్ర

జిజాన్ (జాజాన్) సౌదీ అరేబియా నైరుతి మూలన, ఎర్ర సముద్రపు ఒడ్డున, యెమెన్ సరిహద్దును ఆనుకుని ఉన్న ప్రాంతం. 2022 జనగణన ప్రకారం ఇక్కడి జనాభా సుమారు 14 లక్షలు. ఒక పక్క ఉక్కపోసే తీర మైదానం, ఇంకో పక్క మెట్ల పొలాల ఫైఫా కొండలు, పడవెక్కితే తప్ప చేరలేని ఫరసాన్ దీవులు. బడికీ పిల్లవాడికీ మధ్య దూరం ఇక్కడ కొత్త సమస్య కాదు. ఆ దూరాన్ని మొదట టీవీతో, తర్వాత ఇంటర్నెట్‌తో పూడ్చారు. పాఠం అవతలి ఒడ్డుకు చేరవేయడం ఎప్పుడూ పెద్ద కష్టం కాలేదు. విద్యార్థి మాట వెనక్కి అధ్యాపకుడి దాకా రావడమే కష్టమైంది. ఆన్‌లైన్ తరగతిని చురుగ్గా మార్చడానికి జిజాన్‌లో జరిగిన ప్రయత్నాలన్నీ ఆ తిరుగు దారిని వెడల్పు చేయడానికి జరిగినవే. పైగా ఇక్కడి తరగతుల్లో, అందులోనూ అమ్మాయిల తరగతుల్లో, కెమెరాలో ముఖం చూపడం ఆచారంలో లేని పని. అందువల్ల మిగతా ప్రపంచం ముఖాలు చూసి అంచనా వేసుకున్న శ్రద్ధను ఇక్కడి అధ్యాపకులు గొంతు, అక్షరం, మీట ద్వారా పసిగట్టాల్సి వచ్చింది.

ఇంటర్నెట్‌కు ముందు

సౌదీలో అబ్బాయిలకూ అమ్మాయిలకూ బడులు, కాలేజీలు వేరు. మహిళా విభాగంలో ఏదైనా సబ్జెక్టుకు మహిళా అధ్యాపకులు దొరకనప్పుడు పురుష అధ్యాపకులు క్లోజ్డ్ సర్క్యూట్ టీవీలో పాఠం చెప్పే ఏర్పాటు దేశంలోని విశ్వవిద్యాలయాల్లో దశాబ్దాల పాటు నడిచింది. అధ్యాపకుడు ఖాళీ గదిలో కెమెరా ముందు నిలబడతాడు. విద్యార్థినులు వేరే భవనంలో తెర ముందు కూర్చుంటారు. ఆయన వారికి కనిపిస్తాడు, వారు ఆయనకు కనిపించరు. సందేహం వస్తే గదిలో ఉన్న టెలిఫోన్ ఎత్తి అడగాలి. ఒకే ఫోన్, ఒకసారికి ఒకరు. ఫోన్ ఎత్తింది ఎవరో తరగతి మొత్తం చూస్తుంది కనుక బిడియస్థురాలు చేయి చాపదు. ఎవరూ ఫోన్ ఎత్తకపోతే పాఠం అర్థమైందనుకోవాలో, అందరూ కునుకు తీస్తున్నారనుకోవాలో ఆయనకు తెలిసే దారి లేదు.

కోవిడ్ మహమ్మారి వచ్చిన 2020లో లోకమంతా ‘ఎదుట ఎవరూ లేకుండా ఎలా చెప్పేది’ అని తల పట్టుకుంది. సౌదీలో పాతకాపులకు మాత్రం అది కొట్టిన పిండే. ఆన్‌లైన్ విద్య చరిత్ర రాసేవారు ఈ టెలిఫోన్ తరగతిని సాధారణంగా వదిలేస్తారు. నిజానికి ఆ ఒక్క ఫోన్ చుట్టూ తేలిన చిక్కులే తర్వాత కంప్యూటర్ తెర మీద మళ్లీ తేలాయి.

మిగతా ప్రపంచంలో దూరవిద్య కథ రెండు పాయలుగా నడిచింది. ఒకటి ప్రసారం పాయ. 1975 ఆగస్టు నుంచి 1976 జులై దాకా మన దేశంలో సాగిన ‘సైట్’ ప్రయోగంలో అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు టీవీ పాఠాలు అందాయి. ఆంధ్రప్రదేశ్ పల్లెలూ అందులో ఉన్నాయి. 1982లో హైదరాబాద్ కేంద్రంగా దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. నేటి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. పాఠం ఊరూరికీ వెళ్లింది కానీ, టీవీ ముందున్న రైతు ఎదురు ప్రశ్న వేస్తే వినే చెవి అటు లేదు.

రెండోది జవాబు పాయ. 1960లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో డోనాల్డ్ బిట్జర్ మొదలుపెట్టిన ‘ప్లేటో’ వ్యవస్థలో విద్యార్థి మీట నొక్కి జవాబిస్తే కంప్యూటర్ అక్కడికక్కడే తప్పొప్పులు చెప్పేది. 1989లో మైకేల్ మూర్ అనే విద్యావేత్త దూరవిద్యలో మూడు రకాల సంభాషణలను వేరు చేసి చూపాడు. విద్యార్థికి పాఠంతో, అధ్యాపకుడితో, తోటి విద్యార్థులతో ఉండేవి ఆ మూడు. మూడోదాన్ని అందరూ ఒప్పుకున్నారు, అమలు చేసినవారు తక్కువ. 1997లో చదువుల సాఫ్ట్‌వేర్ చేసే బ్లాక్‌బోర్డ్ కంపెనీ పుట్టింది. 2010లో అది ఇల్యూమినేట్, వింబా అనే రెండు ప్రత్యక్ష తరగతి సాఫ్ట్‌వేర్ సంస్థలను కొని, రెంటినీ కలిపి ‘కొలాబొరేట్’ తెచ్చింది. జిజాన్ కథలో అసలు పాత్రధారి అదే.

విశ్వవిద్యాలయం, సరిహద్దు

జాజాన్ విశ్వవిద్యాలయం 2006లో ఏర్పడింది. కొత్త సంస్థ కావడంతో బోధనకు భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్, ఈజిప్ట్, సూడాన్, జోర్డాన్ దేశాల నుంచి అధ్యాపకులు వచ్చారు. ఇంగ్లిష్, ఇంజనీరింగ్, కంప్యూటర్, వైద్య విభాగాల్లో తెలుగువారూ చేరారు. విశ్వవిద్యాలయం బ్లాక్‌బోర్డ్‌ను తీసుకున్నా, మొదటి ఏళ్లలో దాని వాడుక చాలా చోట్ల జరిగినట్టే ఇక్కడా జరిగింది. స్లైడ్లు పెట్టడానికి, మార్కులు వేయడానికి, అసైన్‌మెంట్లు తీసుకోవడానికి అదొక బీరువా. ప్రత్యక్ష తరగతి మీట అందులోనే ఉన్నా, ఎదురుగా నిజమైన తరగతి గది ఉండగా దాన్ని నొక్కాల్సిన అవసరం ఎవరికీ కలగలేదు.

బడులకు ఆ అవసరం ముందే వచ్చింది. 2015 మార్చి చివర్లో యెమెన్‌లో సైనిక చర్య మొదలవగానే జిజాన్, నజ్రాన్ సరిహద్దు గ్రామాల్లో బడులు మూతపడ్డాయి. చదువు ఆగకుండా ఉండేందుకు దక్షిణ సరిహద్దు పిల్లలకు టీవీ ద్వారా, ఇంటర్నెట్ ద్వారా పాఠాలు అందించే పని విద్యాశాఖ చేపట్టింది. తర్వాతి ఏళ్లలో జాతీయ స్థాయిలో ఎదిగిన ‘ఐన్’ పాఠాల వేదిక, దాని ఉపగ్రహ ఛానళ్లు ఈ దారిలోనివే. మహమ్మారికి అయిదేళ్ల ముందే జిజాన్ అంచున ఉన్న పిల్లలకు ఇంటి నుంచి చదవడం అనుభవంలోకి వచ్చిందన్నమాట. అయితే అదీ ప్రసారమే. ఫిరంగి మోత మధ్య తెరలో లెక్కల మాస్టారు లెక్క చేసి చూపేవాడు, అర్థం కాని పిల్లకు మళ్లీ అడిగే వీలు లేదు.

ఇంకో అడ్డు చట్టంలోనే ఉండేది. ఇంటర్నెట్ ద్వారా మాట్లాడే కాల్స్‌కు సౌదీలో అనుమతి ఉండేది కాదు. 2017 సెప్టెంబర్ 21న, నియమాలకు ఒప్పుకున్న యాప్‌లకు ఆ నిషేధం తొలగింది. గల్ఫ్‌లోని తెలుగు కుటుంబాలకు అది ముందుగా ఇంటివాళ్ల ముఖం చూసే సౌకర్యం. ఊళ్లో ఉన్న పిల్లల హోంవర్కును నాన్న ఇక్కడి నుంచి చూడటం, ఇక్కడున్న పిల్లలకు తాతయ్య అక్కడి నుంచి వేమన పద్యం వల్లె వేయించడం ఆ వెంటే వచ్చాయి. మూడేళ్లు తిరక్కుండానే ఆ వెసులుబాటు ఎంత పెద్దదో దేశమంతా గ్రహించింది.

2020 మార్చి తర్వాత

2020 మార్చి 8న సౌదీ విద్యాశాఖ దేశమంతటా బడులు, కాలేజీలు మూస్తున్నట్టు ప్రకటించింది. మర్నాటి నుంచే అమల్లోకి వచ్చింది. రెండో సెమిస్టర్ సగంలో ఉంది. జాజాన్ విశ్వవిద్యాలయం తరగతులు బ్లాక్‌బోర్డ్ కొలాబొరేట్‌లోకి మారాయి. అప్పటిదాకా ఎవరూ నొక్కని మీట రాత్రికి రాత్రి తరగతి గది తలుపైంది.

ఆ గది ఎలా ఉంటుందో చూస్తే ఆ తర్వాత అధ్యాపకులు వేసిన ఎత్తులు అర్థమవుతాయి. కుడి పక్కన పేర్ల జాబితా, ప్రతి పేరు పక్కన కొట్టేసిన మైకు గుర్తు. మధ్యలో స్లైడ్. కింద చేయెత్తే బొమ్మ. విశ్వవిద్యాలయంలో మొదటిదైన సన్నాహక సంవత్సరం ఇంగ్లిష్ క్లాసులో అధ్యాపకుడు ‘ఎవరికైనా సందేహాలున్నాయా’ అంటాడు. జాబితా కదలదు. ముప్పయ్యి పేర్లున్నాయి కదా అని ఆయన ముందుకు పోతాడు. చివర్లో సెలవు చెప్పాక కూడా పది పేర్లు అక్కడే ఉంటాయి. లాగిన్ అయి పడుకున్న పేర్లవి! హాజరుపట్టీ నిండుగా, తరగతి ఖాళీగా ఉండటం ఆ సెమిస్టర్‌లో అందరూ చూసిన సంగతి.

మొదట మారింది ప్రశ్న. ‘అర్థమైందా’ అని అడగడం మాని, ఒక్క మాటలో చాట్‌లో రాయగలిగిన ప్రశ్నలు అడగడం మొదలైంది. నోరు విప్పి ఇంగ్లిష్ మాట్లాడటానికి జంకే పిల్లలు చాట్‌లో చకచకా రాశారు. అరబ్బీ మాటలను ఇంగ్లిష్ అక్షరాల్లో, ఆ లిపిలో లేని ధ్వనులకు 3, 7 వంటి అంకెలు వేసి రాసే అలవాటు వారికి ముందే ఉంది. తెలుగును వాట్సాప్‌లో ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టే మనవాళ్లకు ఇది వింతగా తోచదు. వ్యాకరణం పట్టు వదిలి ఆ రాతను రానిచ్చిన అధ్యాపకుడికి తరగతి దొరికింది. ప్రతి వాక్యాన్నీ దిద్దిన చోట చాట్ మళ్లీ మూగబోయింది.

తర్వాత మీటలు. కొలాబొరేట్‌లో విద్యార్థి తన పేరు పక్కన సంతోషం, విచారం, అయోమయం, ‘వేగం పెంచండి’, ‘నెమ్మదిగా’, ‘ఒప్పుకుంటాను’, ‘ఒప్పుకోను’ అన్న గుర్తుల్లో ఒకటి పెట్టుకోవచ్చు. చిన్న పిల్లల ఆటలా కనిపించే ఈ గుర్తులే ముఖం కనిపించని తరగతికి ముఖమయ్యాయి. ‘నెమ్మదిగా’ అనే మాట మామూలు తరగతిలో గురువు ముందు లేచి ఎవరూ అనరు. మీటగా ఉంటే అంటారు. టెలిఫోన్ తరగతికీ దీనికీ అసలు తేడా ఇక్కడే ఉంది. అక్కడ వంతు కోసం ఆగాలి, ఇక్కడ ముప్పయ్యి మంది ఒకేసారి చెప్పగలరు.

పోల్స్, చిన్న జట్ల గదులు, క్విజ్ ఆటలు కూడా వచ్చాయి. నార్వేలో 2013లో వచ్చిన కహూట్ బాగా పాకింది. దాని మార్కులు వేగాన్ని బట్టి ఉంటాయి గనుక, నెట్ నెమ్మదిగా ఉన్న పిల్లవాడు తెలిసిన జవాబుకూ వెనకబడతాడు. ఒకే ఫోన్‌లో తరగతీ ఆటా రెండూ తెరవాల్సిన వాడికి ఇంకా ఇబ్బంది. ఎవరి వేగంలో వారు జవాబు రాసుకునే క్విజిజ్ ఆ లోటు తీర్చింది. అంకిత్ గుప్తా, దీపక్ చీనత్ 2015లో బెంగళూరులో మొదలుపెట్టిన సంస్థ అది. 2025లో పేరు వేగ్రౌండ్‌గా మారింది. చిన్న జట్ల గదులు మాత్రం అనుకున్నంతగా పండలేదు. అధ్యాపకుడు ఒక గదిలోకి అడుగు పెట్టగానే మిగతా గదుల్లో మాట ఆగిపోయేది. జట్టుకొక నాయకుడిని పెట్టి, అయిదు నిమిషాల తర్వాత అందరి ముందూ చెప్పాలన్న పని ఇచ్చినప్పుడే అవి నడిచాయి.

కెమెరా ఆపి ఉంచడం లోపమా అన్న చర్చ ఈ కాలంలో ప్రపంచమంతా జరిగింది. స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు జెరెమీ బైలెన్సన్ 2021 ఫిబ్రవరిలో ప్రచురించిన వ్యాసం వీడియో సమావేశాల అలసటకు నాలుగు కారణాలు చూపింది. మరీ దగ్గరగా గుచ్చి చూసే కళ్లు, రోజంతా తన ముఖం తానే చూసుకోవడం, కదలకుండా కూర్చోవాల్సి రావడం, సైగలు పంపడానికీ పోల్చుకోవడానికీ పడే అదనపు శ్రమ. వీటిలో మొదటి మూడూ జిజాన్ విద్యార్థినులకు లేనేలేవు. ఆచారం పెట్టిన హద్దు వల్ల వారికి ఒక బాధ తప్పిందనవచ్చు. కెమెరా తప్పనిసరి చేసిన దేశాల్లో కంటే ఇక్కడి అధ్యాపకులు ప్రశ్నలు వేయడంలో మెరుగయ్యారని ఈ వ్యాసకర్త ఉద్దేశం. వారికి వేరే దారి లేకపోయింది.

మద్రసతీ

బడి పిల్లల కోసం 2020 ఆగస్టు 30న ‘మద్రసతీ’ వేదిక మొదలైంది. పేరుకు అర్థం ‘నా బడి’. దేశమంతటా సుమారు 60 లక్షల మంది విద్యార్థులు దీని కిందికి వచ్చారు. తరగతులు మైక్రోసాఫ్ట్ టీమ్స్‌లో నడిచేవి. రోజు జాతీయ గీతంతో, వ్యాయామంతో మొదలయ్యేది. మధ్య, ఉన్నత తరగతులకు ఉదయం 7కు, ప్రాథమిక తరగతులకు మధ్యాహ్నం 3కు పాఠాలు పెట్టారు. చిన్న పిల్లల పక్కన కూర్చోవడానికి పెద్దవాళ్లు పని ముగించుకుని రావాలి, ఇంట్లో ఉన్న ఒక్క పరికరం అన్న చేతి నుంచి చెల్లి చేతికి మారాలి. ఆన్‌లైన్ తరగతిలో పిల్లల్ని నిలబెట్టిన ఏర్పాట్లలో ఈ వేళల విభజన ముందు వరుసలో నిలుస్తుంది. ఇందులో సాఫ్ట్‌వేర్ ఏమీ లేదు. నెట్ అందని ఇళ్లకు ఐన్ ఛానళ్లు ఉండేవి. అప్పటికి వాటి సంఖ్య ఇరవై దాటింది.

రెండు రోజుల తేడాతో, సెప్టెంబర్ 1న, తెలంగాణ కూడా దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా డిజిటల్ పాఠాలు మొదలుపెట్టింది. అక్కడ భారం ప్రధానంగా టీవీ మీద పడింది, వర్క్‌షీట్లు, వాట్సాప్ తోడయ్యాయి. సౌదీలో భారం ప్రత్యక్ష తరగతి మీద పడి, టీవీ ఆసరాగా నిలిచింది. మధ్య, ఉన్నత తరగతుల పిల్లలు 2021 ఆగస్టు 29న, ప్రాథమిక, శిశు తరగతుల వారు 2022 జనవరి 23న బడికి తిరిగొచ్చారు.

వానరోజు తరగతి

బడులు తెరిచాక చాలా చోట్ల ఆన్‌లైన్ తరగతి మూలన పడింది. జిజాన్‌లో అలా కాలేదు, కారణం వాతావరణం. కొండల నుంచి వాగులు ఒక్కసారిగా దిగే వానలకూ, దుమ్ము గాలులకూ ఈ ప్రాంతం పెట్టింది పేరు. వాతావరణ కేంద్రం హెచ్చరిక రాగానే జిజాన్ విద్యాశాఖ మర్నాటి తరగతులను మద్రసతీకి మారుస్తున్నట్టు ప్రకటిస్తుంది. వాన పడితే సెలవన్న పాత సుఖం పిల్లలకు పోయింది. ఈ ఒక్కరోజు తరగతుల స్వభావం వేరు. ముందుగా తయారు చేసుకున్న ఆటలకూ జట్లకూ వ్యవధి ఉండదు, తెల్లారితే క్లాసు. అందుకని 2020 నాటి సామగ్రిలో సులువైనవే నిలిచాయి. ఒక్క మాట జవాబుల చాట్, రెండు నిమిషాల పోల్, పేరు పిలిచి మైకు తెరిపించడం ఈ రోజుల్లో ఎక్కువగా కనిపిస్తాయి. నిన్న తరగతి గదిలో కలిసి కూర్చున్న పిల్లలే ఈరోజు తెర మీద పేర్లుగా మారతారు గనుక, ఎవరి గొంతు ఎవరిదో అధ్యాపకుడికి ముందే తెలుసు. 2020 సెమిస్టర్‌లో కరువైన ఆ పరిచయం వల్ల వానరోజు తరగతి ఎక్కువ సాయం లేకుండానే సాగిపోతుంది.