నీలి రాళ్లు: రంగు నుంచి పుట్టుపూర్వోత్తరాల దాకా

రాయి నీలంగా ఉంటే చాలదు, ఆ నీలం ఎక్కడిదో, ఎలా వచ్చిందో తేలాలని రత్నాల బజారు పట్టుబట్టడం ఈమధ్య సంగతి. అంతకుముందు వేల ఏళ్లపాటు రంగే విలువ.

తొలి రాజ్యాలు మోజుపడ్డ నీలి రాయి రాజావర్తం. అఫ్గానిస్తాన్‌లోని బదఖ్షాన్ కొండల్లో తవ్వి తీసిన ఈ రాయి క్రీ.పూ. 2600 ప్రాంతపు ఉర్ రాజసమాధుల నగల్లో కనిపిస్తుంది. టూటన్‌ఖామెన్ బంగారు ముసుగులో కనుబొమలు దీనితో పొదిగినవే. ఇది ఒకే ఖనిజం కాదు. నీలి లాజురైట్‌లో తెల్లని కాల్సైట్ చారలు, బంగారు రజనులాంటి పైరైట్ చుక్కలు కలిసి ఉంటాయి. నీలి రంగు గంధకం చలవ. వెలుతురు లోపలికి దూరదు కాబట్టి మెరుపు పైపైనే.

వెలుతురును లోపలికి రానిచ్చే జాతి నీలం సింహళం నుంచి, రత్నపుర చుట్టుపక్కల ఏటి కంకర నుంచి వచ్చింది. పాలలో వేస్తే పాలకే నీలిఛాయ తెచ్చేది మహానీలమని మన రత్నశాస్త్రాలు చెప్పాయి. పరీక్ష అంతా రంగు గాఢతకే. నిజానికి నీలం, కెంపు రెండూ కురువిందమే, అంటే అల్యూమినియం ఆక్సైడే. శుద్ధంగా ఉంటే దానికి రంగే లేదు. రవంత క్రోమియం చేరితే కెంపు, ఇనుము, టైటానియం జతగా చేరితే నీలం.

నీలి వజ్రం కథ వేరు. పల్నాటి కృష్ణ ఒడ్డున, ఇప్పుడు పులిచింతల నీళ్లలో మునిగిన కొల్లూరు గనిలో దొరికిందని భావించే పెద్ద రాయిని ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే 1668లో ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీకి అమ్మాడు. అది సానపట్టే కొద్దీ తరిగి, హోప్ వజ్రంగా 45.52 క్యారెట్లకు దిగింది. దాని నీలానికి కారణం బోరాన్. అతినీలలోహిత దీపం చూపించి ఆర్పేస్తే, చీకట్లో కాసేపు నిప్పుకణికలా ఎర్రగా వెలుగుతుంది.

1880ల మొదట్లో కశ్మీర్‌లోని పాడర్ దగ్గర కొండచరియ విరిగిపడి నీలాలు బయటపడ్డాయి. లోపలి అతిసూక్ష్మ రేణువుల వల్ల వాటికి మఖమల్ లాంటి మెత్తని ఛాయ. కొన్నేళ్లకే గని దాదాపు అడుగంటింది, రాయికి ఊరి పేరే ధర అయింది.

ఇరవయ్యో శతాబ్దం లెక్క మళ్లీ మార్చింది. 1910 నాటికే వెర్నుయి పద్ధతిలో కొలిమిలో కృత్రిమ నీలం తయారైంది. 1967లో టాంజానియాలో దొరికిన టాంజనైట్‌కు వనేడియం రంగునిస్తుంది. తిప్పి చూస్తే ఒకవైపు నీలం, మరోవైపు ఊదా. బజారుకొచ్చే వాటిలో చాలావరకు గోధుమరంగు రాళ్లను కాల్చినవే. 1970లలో సింహళపు పాలరంగు గ్యూడా రాళ్లను కూడా 1,500 డిగ్రీల పైన కాల్చి నీలాలుగా మార్చడం మొదలైంది.

అప్పటినుంచి తీర్పు సూక్ష్మదర్శినిది. లోపలి రూటైల్ సూదులు చెక్కుచెదరకుండా కనిపిస్తే రాయి అంత వేడి చూడలేదనడానికి అది గట్టి ఆధారం. కరిగి చుక్కలుగా తెగిపోతే కొలిమి చూసినట్టే. ఒకప్పుడు లోపమనుకున్న ఆ సూదులే ఇవాళ రాయి సహజత్వానికి సాక్ష్యం. అందుకే ఒకే రంగున్న రెండు నీలాలకు కూడా ధర ఒకటి కాదు.