సైడ్‌ఆర్మ్ విసురు (డిస్క్ గోల్ఫ్)

సైడ్‌ఆర్మ్ అనేది డిస్క్ గోల్ఫ్ క్రీడలో డిస్కును విసిరే రెండు ముఖ్య పద్ధతులలో ఒకటి. దీనిని ఫోర్‌హ్యాండ్ అనీ, ఫ్లిక్ అనీ కూడా అంటారు. రెండవ పద్ధతియైన బ్యాక్‌హ్యాండ్‌లో చేయి ఛాతీకి అడ్డంగా వచ్చి విచ్చుకొంటుంది. సైడ్‌ఆర్మ్‌లో డిస్కు విసిరే చేతి పక్కనుండే వెడలుతుంది. చెరువు నీటిపై పెంకు గెంతుతూ పోయేటట్లు విసరడాన్ని ఈ కదలిక చాలావరకు పోలి ఉంటుంది.

నేపథ్యం

డిస్కును సాధ్యమైనన్ని తక్కువ విసుర్లలో గొలుసులు వేలాడే లోహపు బుట్టలో పడవేయడం ఈ క్రీడ లక్ష్యం. 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో ఎడ్ హెడ్రిక్ రూపొందించినదానిని తొలి శాశ్వత కోర్సుగా సాధారణంగా పరిగణిస్తారు. 1976లో ఆయనే ప్రొఫెషనల్ డిస్క్ గోల్ఫ్ అసోసియేషన్‌ను స్థాపించాడు. ఈ సంఘపు ప్రమాణాల ప్రకారం డిస్కు వ్యాసం 21 సెంటీమీటర్లకు తగ్గరాదు. బరువు ప్రతి సెంటీమీటరు వ్యాసానికి 8.3 గ్రాములు మించరాదు.

ఉపయోగం

కుడిచేతి ఆటగాడు బ్యాక్‌హ్యాండ్‌లో విసిరిన డిస్కు, పైనుండి చూసినపుడు, సవ్యదిశలో తిరుగుతూ పోయి వేగం తగ్గగానే ఎడమకు ఒరుగుతుంది. సైడ్‌ఆర్మ్‌లో భ్రమణం అపసవ్యదిశలో ఉంటుంది కనుక డిస్కు చివరకు కుడికి ఒరుగుతుంది. ఎడమచేతి వారికి ఇదంతా తారుమారు. చెట్లను తప్పించుకొంటూ ఆడవలసిన కోర్సులలో ఒక్క బ్యాక్‌హ్యాండ్ మాత్రమే తెలిసినవారికి ఒక వైపు దారి మూసుకుపోయినట్లే. 2016, 2017 సంవత్సరాల ప్రపంచ విజేత రికీ వైసాకీ ఆటలో సైడ్‌ఆర్మ్‌కు పెద్ద స్థానమే ఉంది.

పట్టు

బొటనవేలు డిస్కు పైభాగాన, చూపుడు వేలు, మధ్యవేలు అడుగున ఉంటాయి. మధ్యవేలి మెత్తని భాగం లోపలి అంచుకు గట్టిగా ఆనాలి. డిస్కు తిరగడానికి బలం ప్రధానంగా ఇక్కడినుండే అందుతుంది. రెండు వేళ్ళనూ కలిపి అంచుకు ఆనిస్తే వేగం హెచ్చుతుంది. చూపుడు వేలిని డిస్కు మధ్యకు చాచితే అదుపు పెరుగుతుంది, వేగం కొంత తగ్గుతుంది.

విసిరే విధానం

కుడిచేతి వారు ఎడమకాలు ముందు ఉంచుతారు. మోచేయి శరీరానికి దగ్గరగా ఉండి ముందుగా కదలాలి. దాని వెనుక ముంజేయి, అన్నిటికంటే చివర మణికట్టు రావాలి. వెనుకకు వంగి ఉన్న మణికట్టు కొరడా కొసవలె ఒక్కసారిగా విదిలించుకొంటుంది. డిస్కును వదిలే క్షణంలోనూ, వదిలిన తరువాత కూడా అరచేయి ఆకాశంవైపే ఉండాలి.

కొత్తవారిలో కనిపించే ముఖ్య లోపం అరచేతిని నేలవైపు తిప్పివేయడం. అలా చేస్తే డిస్కు తన అక్షంపై నిలకడగా తిరగక, వణుకుతూ బయలుదేరి, కుడిచేతి వారి విషయంలో ఎడమకు పొర్లి నేలను తాకుతుంది. దూరం చాలలేదనుకొని ఆటగాడు మరింత బలం ప్రయోగిస్తాడు. వణుకు మరింత పెరుగుతుంది. నిజానికి తగ్గవలసినది బలమే. భ్రమణం తక్కువగా ఉండి వేగం ఎక్కువైతే డిస్కు నిలకడ కోల్పోతుంది.

వదిలేటప్పుడు వెలుపలి అంచును కొద్దిగా క్రిందికి దించి ఉంచడం ఈ లోపాన్ని కొంతవరకు సరిదిద్దుతుంది. ముందరి అంచు పైకి లేస్తే మాత్రం డిస్కు ఎత్తుకు పోయి దూరాన్ని కోల్పోతుంది.

సాధన

పరుగు లేకుండా నిలబడినచోటునుండి, సగం బలంతో, 20 లేక 30 మీటర్ల దూరానికి విసరడంతో సాధన మొదలుపెట్టడం మంచిది. వణుకు లేకుండా డిస్కు వెళ్ళడం అలవాటయ్యాకనే దూరాన్ని పెంచాలి. వేగంగా పోయే బరువైన డ్రైవర్లు, ముఖ్యంగా చివర బలంగా ఒరిగేవి, చేతి లోపాన్ని కప్పిపుచ్చుతాయి. అందుకే చాలామంది వాటితోనే మొదలుపెట్టి ఏళ్ళ తరబడి అదే తప్పు చేస్తుంటారు. పట్టర్ అనబడే నెమ్మది డిస్కు చిన్న లోపాన్నైనా వెంటనే బయటపెడుతుంది కాబట్టి నేర్చుకొనేవారికి అదే తగినది.

గాయాలు

ఈ విసురులో మోచేతి లోపలి వైపున ఒత్తిడి పడుతుంది. బేస్‌బాల్ బంతి విసిరేవారికి వచ్చే నొప్పులవంటివే ఇక్కడా కనిపిస్తాయి. మోచేయి శరీరానికి దూరంగా జరిగినపుడు, శరీరం తిరగకుండా చేతితో మాత్రమే విసిరినపుడు ఈ ఒత్తిడి హెచ్చుతుంది. ఆటకు ముందు భుజాన్ని, ముంజేతిని వేడెక్కించుకోవాలి. మోచేయి లోపల నొప్పి మొదలైతే సాధన ఆపివేయాలి. తగ్గకపోతే వైద్యుని సంప్రదించాలి.