కుదురు

సంబంధం కుదురుతుంది. బేరం కుదురుతుంది. పులుసు కుదురుతుంది. రవికె ఒంటికి కుదురుతుంది. జ్వరం తగ్గాక ఒళ్లు కుదుటపడుతుంది, ఊళ్లో లేని కొడుకు ఫోను చేశాక తల్లి మనసు కుదుటపడుతుంది. రేపు రావడం కుదరదని కబురు పెడతాం. గంతులు వేసే పిల్లవాణ్ణి కుదురుగా కూర్చోమంటాం. పొగరుమోతుకు దెబ్బ తగిలితే తిక్క కుదిరిందంటాం. తెలుగిల్లు పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా ఏదో ఒక రూపంలో పలికే మాట ఇది. పెళ్లికీ పులుసుకూ, జ్వరానికీ తిక్కకూ ఒకే క్రియ ఎలా సరిపోయిందన్నది ఆలోచించదగ్గ విషయం.

ఆ క్రియ పక్కనే కుదురు అనే నామవాచకం ఉంది. అది చేత్తో పట్టుకోగలిగిన వస్తువు. కుండకు అడుగు గుండ్రంగా ఉంటుంది కనుక నేల మీద తనంత తాను నిలవదు, ఏదో ఒక పక్కకు ఒరుగుతుంది. ఒరగకుండా దాని కింద పెట్టే చుట్టను కుదురు అంటారు. రెంటచింతల ఎండల సంగతి తెలియని తెలుగువారు లేరు. అక్కడి నుంచి నరసరావుపేట, చిలకలూరిపేట మీదుగా పర్చూరు, అద్దంకి దాకా పరుచుకున్న మా నల్లరేగడి పల్లెల్లో, ఫ్రిజ్‌లు రాకముందు, వేసవిలో ప్రతి వసారాలోనూ మంచినీళ్ల బాన ఒకటి ఉండేది, దాని కింద కుదురు ఉండేది.

దాన్ని చేయడం చూసినవారికి ఆ పనిలోని ఒడుపు గుర్తుండే ఉంటుంది. వరిగడ్డి మీద కాసిని నీళ్లు చిలకరించి, మెత్తబడ్డాక వెంటిగా పేని, చుట్ట చుట్టి, కొసను లోపలికి దోపుతారు. గడ్డి మరీ ఎండుగా ఉంటే పేనేటప్పుడే విరుగుతుంది, మరీ తడిసి ఉంటే నాలుగు రోజులకు కుళ్లు వాసన వేస్తుంది. చుట్ట మీద బాన పెట్టి రెండు చేతులతో ఒకసారి అటూ ఇటూ తిప్పితే, బరువుకు గడ్డి అణిగి ఆ బాన అడుగుకు సరిపోయే గుంట పడుతుంది. ఆ తర్వాత నీళ్లు నిండుగా ఉన్నా, అడుగంటినా బాన కదలదు. వేరే బాన తెచ్చి అదే కుదురు మీద పెడితే మళ్లీ తిప్పి సర్దాల్సిందే. ఏ బాన కుదురు దానిదే.

ఇదే మాట పెరట్లోకి వెళితే మొక్క మొదట్లో నీళ్లు నిలవడానికి చుట్టూ మట్టి ఎగదోసి కట్టే గట్టుకు పేరు. పాదు అనేది కూడా దీన్నే. 1852 నాటి బ్రౌన్ నిఘంటువు మొదలుకొని మన నిఘంటువులు కుండ కింది చుట్టనూ, చెట్టు చుట్టూ ఉండే పాదునూ, మనిషిలోని నిలకడనూ ఈ ఒక్క మాట కిందికే తెచ్చాయి. వరినాట్లప్పుడు కుదురుకు రెండు మూడు మొక్కలు పెట్టమంటారు, అక్కడ కుదురంటే ఒకచోట గుచ్చిన నారు. తలలో వెంట్రుక మొలిచే చోటును కుదురంటాం, దువ్వెనకు జుట్టు వస్తుంటే కుదుళ్లు గట్టిపడాలని నూనె రాస్తాం. ఈ అర్థాలన్నిటికీ ఉమ్మడిగా ఉన్నది ఒక్కటే: ఒకటి పడిపోకుండా, ఊడిపోకుండా, ఎండిపోకుండా పట్టి ఉంచే చోటు. కన్నడంలోనూ కుదురు అంటే సర్దుకోవడం, కోలుకోవడం అనే అర్థాలున్నాయి. అంటే ఇది సంస్కృతం నుంచి తెచ్చుకున్నది కాదు, మన ద్రావిడ భాషా కుటుంబంలోని మాట.

మనసు కుదుటపడింది అంటాం కదా, ఆ 'కుదుట' ఏమిటి? నుదురు అన్న మాటను తీసుకుందాం. బొట్టు ఎక్కడ పెట్టుకుంటాం? నుదుట. నోరు నోట అవుతుంది, ఏరు ఏట అవుతుంది. విభక్తి చేరేటప్పుడు ఇలా రూపు మారే మాటల సంగతిని చిన్నయసూరి బాలవ్యాకరణంలో ఔపవిభక్తికాల కింద చెప్పాడు. నుదురులో అనే అర్థంలో నుదుట అయినట్టే కుదురులో అనే అర్థంలో కుదుట అయింది. కనుక మనసు కుదుటపడింది అన్న మాటను విడదీసి చదివితే, మనసు తన కుదురులో పడిందని అర్థం. ఊగిసలాడుతున్న బాన గడ్డిచుట్టలో కూర్చున్నప్పుడు ఏం జరుగుతుందో, కబురు అందిన తల్లి గుండెలో జరిగింది కూడా అదే. ఈ పోలికను కవులు కట్టలేదు. ఇంటిపని చేసుకునేవారి నోట్లో పుట్టి, వ్యాకరణంలో స్థిరపడింది.

ఉన్నదానితో హాయిగా ఉండడానికి మనకు వేరే మాటలూ ఉన్నాయి. తృప్తి ఉంది, సంతోషం ఉంది, అచ్చతెలుగు తనివి ఉంది. తృప్తి, తనివి రెండూ నిండడాన్ని చెప్పే మాటలు. కడుపు నిండితే తృప్తి, ఆశ తీరితే తనివి. వాటికి ఎప్పుడూ ఒక కొలత కావాలి, ఎంత నిండితే చాలు అన్న ప్రశ్న వెంటే ఉంటుంది. కుదురుకు ఆ ప్రశ్న లేదు. బానలో ఎన్ని నీళ్లున్నాయన్నది కుదురు పట్టించుకోదు, బాన ఎలా కూర్చుందన్నదే దాని లెక్క. ఇంట్లో దొరికే నెమ్మదికి తృప్తి కన్నా కుదురు సరైన మాట అని నేను గట్టిగా నమ్ముతాను. ఏ ఇల్లయినా పూర్తిగా నిండేది ఎప్పుడు? ఏదో ఒక వెలితి ఉంటూనే ఉంటుంది. అయినా కొన్ని ఇళ్లలో అడుగుపెట్టగానే ప్రాణం కుదుటపడుతుంది. వాకిలి ఊడ్చి ఉంటుంది, నీళ్లు పట్టి ఉంటాయి, దండెం మీద బట్టలు మడతల్లోకి వచ్చి ఉంటాయి, కత్తిపీట ఉండవలసిన మూలనే ఉంటుంది.

వంటింట్లో ఈ మాట ఇంకో గుణం చూపిస్తుంది. సంక్రాంతి దాటాక చేలో మిరపకాయ పండే రోజుల్లో మా ప్రాంతపు ఇళ్లలో కొరివికారం పెడతారు. మిగతాచోట్ల పండుమిర్చి పచ్చడి అంటారు. తొడిమ తీసి కడిగితే కాయలోకి నీళ్లు పోతాయి. అందుకని తొడిమతోనే కడిగి, గుడ్డతో తుడిచి, నీడన ఆరబెట్టి, ఆ తర్వాతే తొడిమలు తీస్తారు. ఉప్పు, పసుపు వేసి కచ్చాపచ్చాగా తొక్కి, నడుమ చింతపండు పెట్టి జాడీలో అదిమి పెడతారు. మూడో రోజున తీసి, మెత్తగా రుబ్బి, వేయించిన మెంతుల పొడి కలుపుతారు. ఎక్కడైనా తడి తగిలితే బూజు తప్పదు. మూత తీసినావిడ ముందు వాసన చూస్తుంది, తర్వాత వేలికొసతో నాలుక మీద రాసుకుంటుంది. "ఈ ఏడు కుదిరింది వదినా" అంటుంది.

బాగా చేశాను అనదు. కుదురు అకర్మక క్రియ, కూర దానంతట అదే కుదురుతుంది. కుదుర్చడం అనే సకర్మక రూపం ఉన్నా దాన్ని పెళ్లి కుదిర్చిన పెద్దమనిషికీ, రోగం కుదిర్చిన వైద్యుడికీ వాడతాం తప్ప, పచ్చడి కుదిర్చాను అని ఎవరూ అనరు. కాయ పండిన తీరు, ఎండ కాసిన తీరు, ఉప్పు పాలు, చెయ్యి ఒడుపు అన్నీ ఒక చోట కలిసిరావాలి. మనిషి తన వంతు చేసి, మిగతావాటికి చోటు వదులుతుంది. ఇంటిపనిలోని సుఖమంతా ఆ వైఖరిలోనే ఉంది. దొండపాదుకు నీళ్లు పోయడం మన పని, కాయడం పాదు పని. నల్లరేగడిలో పెరడు పెంచినవారికి ఇది మరీ బాగా తెలుసు. వానకు ఆ మట్టి కాలు వదలదు, ఎండకు చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది. నెర్రెల్లోంచి నీళ్లు జారిపోకుండా కుదురులోని మట్టిని తరచూ గుల్లచేసి, పైన ఎండుటాకు పరవాలి. నీళ్లు ఎక్కువై మొదట్లోనే నిలిచినా ప్రమాదమే, వేరు కుళ్లుతుంది. పట్టి ఉంచడమూ, ఊపిరి ఆడనివ్వడమూ రెండూ తెలిసిన కుదురే మొక్కను బతికిస్తుంది.

ఇక్కడి జీవితం మొత్తం కుదురుగా సాగిందని చెబితే అబద్ధమే అవుతుంది. పత్తి, మిరప పెట్టుబడి పంటలు. 1987-88లో తెల్లదోమ పత్తి చేలను తుడిచిపెట్టినప్పుడు గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో అప్పులపాలైన రైతులు కొందరు చేను కోసం తెచ్చిన పురుగుమందే తాగి ప్రాణాలు తీసుకున్నారు. 2021లో నల్ల తామరపురుగు మిరప పూతను తినేస్తే ఎందరో రైతులు కాపుకు రావలసిన చేలను పీకేశారు. గుంటూరు మిర్చి యార్డులో బేరం కుదరక మిరప బస్తాలు వెనక్కి తీసుకెళ్లి శీతల గిడ్డంగుల్లో పెట్టుకునే ఏళ్లూ ఉన్నాయి. అటువంటి ఏటికి పెరట్లోని గోంగూర, చిక్కుడు పాదు జవాబు కాలేవు. గిట్టుబాటు ధర స్థానంలో మనశ్శాంతిని ఇచ్చి రైతును సరిపెట్టుకోమనడం తప్పు. అయితే చేను చేతికి రాని ఏడు కూడా పొయ్యి మీదికి కూర ఇచ్చింది పెరడే, పిల్లల్ని వేళకు బడికి పంపింది ఆగకుండా నడిచిన ఇంటిపనే. బయట అంతా ఒరిగినప్పుడు కిందనుంచి పట్టి ఉంచేది ఏదో తెలియాలంటే ఆ ఇళ్లను అడగాలి.

ఈ మాటకు మిగిలిన అర్థం ఒకటుంది, దాన్ని దాటవేస్తే ఈ చర్చ న్యాయంగా ఉండదు. బిందె నెత్తిన పెట్టుకునేటప్పుడు పాత చీరముక్కను చుట్టి తల మీద పెట్టుకుంటారు. దాని పేరు చుట్టకుదురు. నేల మీద కుదురు బానకు విశ్రాంతి ఇస్తే, తల మీద కుదురు మనిషి చేత బరువు మోయిస్తుంది. కనిగిరి వైపు ఫ్లోరైడు నీళ్ల పల్లెల్లో తాగే నీటి కోసం దూరం నడిచినవారు ఆడవాళ్లే. తెల్లారకముందే లేచి వండిపెట్టి, ఆటో ఎక్కి మిరపకోతకు వెళ్లి, పొద్దుగూకి వచ్చాక మళ్లీ పొయ్యి వెలిగించేదీ వాళ్లే. ఇంటికి కుదురు ఇల్లాలు అని పొగుడుతూ వచ్చాం. ఆ పొగడ్త ఎంత నిజమో అంత బరువు కూడా. ఇంటిపనిలో నెమ్మది ఉంది, ఆనందం ఉంది. అయితే అది చేసే మనిషికి కాసేపు కూర్చునే తీరిక ఉన్నప్పుడే ఆ నెమ్మది ఆమెకు అందుతుంది. నడుం వాల్చే వీలు లేని మనిషితో పాత్రలు తోమడంలోని ప్రశాంతత గురించి మాట్లాడకూడదు.

కనుక చదువరులకు నా మనవి. ఇంట్లో ఎవరైనా నాకు కుదరడం లేదు అన్నప్పుడు ఆ మాటను సాకుగా కొట్టిపారేయకండి. వాళ్ల కింద ఉండవలసిన చుట్ట ఎక్కడ జారిందో చూడండి. ఒక పూట వంట, ఒక పూట అంట్లు, పెరట్లో నాలుగు చెంబుల నీళ్లు, ఏదో ఒకటి మీ చేతిలోకి తీసుకోండి. మగపిల్లలకు చిన్నప్పుడే చీపురు పట్టడం నేర్పండి. ఇంటిపని ఇంటిల్లిపాదిదీ అయినప్పుడే ఆ ఇల్లు కుదుటపడినట్టు.