మంచు దీపానికి వేరే స్విచ్చి

సంక్రాంతి సంచికకు ఏదైనా రాయమని కమిటీ మిత్రులు అడిగినప్పుడు, ముగ్గుల మీదో గంగిరెద్దుల మీదో రాస్తానని వారు అనుకుని ఉంటారు. ఆ విషయాలు నాకన్నా మన సోదరీమణులే బాగా రాస్తారు. నేను భోగినాటి మంచు దగ్గర మొదలుపెడతాను. మన ఊళ్ళో ఆ మంచులో ఎడ్లబండి వెళుతుంటే బండి కింద లాంతరు వేలాడేది. అది బండివాడికి దారి చూపడానికి కాదు, ఎదుటివాడికి బండి కనపడడానికి. ఈ తేడా నాకు చిన్నప్పుడు తెలియలేదు. కువైత్ వచ్చాక, నలభై ఏళ్ళు దాటిన వయసులో, ఒక సెకండ్ హ్యాండ్ కారు వల్ల తెలిసింది.

కారు దీపాల చరిత్ర నిజానికి లాంతరుతోనే మొదలయింది. మొదటి కార్లకు కిరసనాయిలు దీపాలే ఉండేవి. తరువాత అసిటిలీన్ గ్యాసు దీపం వచ్చింది. మామిడికాయలు మగ్గబెట్టడానికి వ్యాపారులు దొంగచాటుగా వాడే కార్బైడు రాయి ఉందే, అదే. దానిమీద నీళ్ళు బొట్టుబొట్టుగా పడితే గ్యాసు పుట్టి తెల్లగా మండుతుంది. గాలికీ వానకీ ఆరదు గానీ, ప్రతి సాయంత్రమూ దిగి అగ్గిపుల్ల గీయాలి. 1912 మోడల్ కాడిలాక్ కారులో చార్లెస్ కెట్టరింగ్ అనే అమెరికన్ ఇంజనీరు కరెంటు స్టార్టరూ కరెంటు దీపాలూ కలిపి అమర్చడంతో ఆ బెడద వదిలింది. కువైత్‌కు మొదటి కారు దాదాపు ఆ కాలంలోనే, 1896 నుంచి 1915 దాకా పాలించిన షేక్ ముబారక్ హయాములో వచ్చింది. అప్పటికి ఇక్కడ రోడ్డే లేదు, ఇక రోడ్డు దీపాల మాట ఎందుకు!

దీపం ప్రకాశం పెరిగిన కొద్దీ కొత్త తగాదా వచ్చింది. ఎదురుగా వచ్చేవాడి కళ్ళు బైర్లు కమ్మడం మొదలయింది. 1920ల మధ్యలో ఒకే బల్బులో రెండు ఫిలమెంట్లు పెట్టి, డిమ్మూ బ్రైటూ వేరు చేశారు. మనదేశంలో అయితే అద్దం పైసగం నల్లరంగు పూసి ఆ సమస్య తీర్చుకున్నాం. నల్లబొట్టు పెట్టుకున్న అంబాసిడర్లూ లారీలూ మన తరం వారికి బాగా గుర్తుంటాయి.

కానీ మంచు సంగతి వేరు. మంచులో బ్రైటు వేస్తే దారి కనిపించడం మాట అటుంచి, కళ్ళముందు తెల్లగోడ లేస్తుంది. పొగమంచు అంటే గాలిలో తేలే సన్నని నీటి బిందువులు. మన లైటు వాటిమీద పడి, తిరిగి మన కళ్ళలోకే వస్తుంది. లైటు ఎంత ఎత్తులో ఉండి, ఎంత పైకి కొడితే గోడ అంత తెల్లగా ఉంటుంది. అందుకే ఫాగ్ లైటును బంపరు దగ్గర, నేలకు దగ్గరగా పెడతారు. దాని వెలుగు దూరం పోదు. ముందు కొద్ది గజాల్లో రోడ్డు అంచూ గీతా కనపడేలా రెండు పక్కలకూ పరుచుకుంటుంది. పై అంచు కత్తితో కోసినట్టు ఆగిపోతుంది. ఇంతకు మించి అందులో మాయ ఏమీ లేదు.

పసుపు రంగు మంచును చీల్చుకుపోతుందని మన డ్రైవరు సోదరులు చాలామంది నమ్ముతారు. ఫ్రాన్సు దేశం 1936లో చట్టం చేసి కార్ల హెడ్‌లైట్లన్నీ పసుపు చేయించింది, 1993 దాకా అలాగే నడిపింది. అయితే మంచు బిందువు కాంతి అలకన్నా ఎన్నోరెట్లు పెద్దది కాబట్టి అన్ని రంగులనూ దాదాపు ఒకేలా చెదరగొడుతుందని భౌతికశాస్త్రం చెబుతుంది. పసుపు కంటికి కాస్త హాయిగా ఉంటే ఉండవచ్చు, చీల్చుకుపోవడం మాత్రం లేదు. 1952 డిసెంబరులో లండన్‌ను అయిదురోజులు పొగమంచు కమ్మినప్పుడు బస్సుల ముందు మనుషులు కాగడాలు పట్టుకుని నడిచి దారి చూపారు. ఏ రంగు దీపమూ అక్కరకు రాలేదు.

ఇక మన మహబూలా సంగతి. ఫింతాస్‌కూ అబూ హలీఫాకూ మధ్య, ఒకపక్క సముద్రం, మరోపక్క ఫహాహీల్ ఎక్స్‌ప్రెస్ హైవే. పేరుకు అరబీలో పిచ్చిది అని అర్థం, శీతకాలం తెల్లవారుజామున ఆ పేరు నిజమనిపిస్తుంది. రాత్రి చలికి చల్లబడిన నేలమీదికి సముద్రపు తేమగాలి వచ్చి కూర్చుంటే, ఆరు గంటలకు ఎదుటి బిల్డింగు కనపడదు. ఎండాకాలం తోజ్ ఉండనే ఉంది. 2011 మార్చి 25 సాయంత్రం ఆకాశమంత ఎత్తున లేచిన ఇసుకగోడ కొద్ది నిమిషాల్లో పగటిని రాత్రి చేసింది. ఆనాడు రోడ్డుమీద ఉన్నవారు ఇప్పటికీ కథలు కథలుగా చెబుతారు.

అంతకన్నా పెద్ద చీకటిని 1991 చూసింది. 1990 ఆగస్టు 2 తరువాత మనలో ఎంతమందిమి బాగ్దాద్ మీదుగా అమ్మాన్ చేరి విమానం ఎక్కామో ఈ తరం పిల్లలకు చెప్పాలి. రెండు నెలల్లోపే లక్షా పదివేల మందికి పైగా భారతీయులను ఎయిరిండియా ఇంటికి చేర్చింది. కొందరు మాత్రం ఇక్కడే ఉండిపోయారు. ఆ ఉండిపోయినవారిలో నా మిత్రుడొకడు, కడపజిల్లా వాడు, ఇంటి డ్రైవరు. 1991 ఫిబ్రవరిలో వెళ్ళిపోతూ ఇరాక్ సైన్యం ఆరువందలకు పైగా నూనె బావులకు నిప్పు పెట్టింది. చివరి బావి ఆరింది నవంబరు 6న. ఆ బావుల్లో అధికభాగం ఉన్న బుర్గాన్ క్షేత్రం మనకు పడమరగా, అహ్మదీ అవతలే ఉంది. గాలి ఇటు తిరిగితే మిట్టమధ్యాహ్నం హెడ్‌లైట్లు వేసుకుని నడపవలసి వచ్చేదని ఆయన చెప్పాడు. అద్దం మీద నూనె తుంపరలు పడి, వైపరు తిప్పితే ఇంకా అలుముకునేదట. బండి ఆపి గుడ్డతో తుడుచుకోవాలి. "ఫాగ్ లైటు పనిచేసిందా?" అని అడిగితే నవ్వాడు. "మంచు వెలుతురును తిప్పి కొడుతుంది అన్నా, ఈ పొగ మింగేస్తుంది. ఏ లైటేసినా ఒకటే. ముందు బండి వెనక లైటు ఎర్రగా కనపడితే, దాన్ని పట్టుకుని పోవడమే" అన్నాడు. ముందు బండి వెనక లైటు అనే ఆ మాట నేను అప్పుడు పట్టించుకోలేదు.

యుద్ధం తరువాత ఉద్యోగం మళ్ళీ దొరికి, 1995లో ఒక పాత అమెరికన్ కారు కొన్నాను. ఆ రోజుల్లో ఈ దేశంలో కాప్రీస్, సబర్బన్ లాంటి పెద్ద అమెరికన్ బండ్లకు ఉన్న గౌరవం వేరు. దాని ఫాగ్ లైట్లు ఒంటరిగా వెలిగేవి కావు. హెడ్‌లైటు డిమ్ములో ఉంటేనే వెలుగుతాయి, బ్రైటు వేస్తే ఆరిపోతాయి. అది చెడిపోయిందేమో అనుకున్నాను. చెడిపోలేదు, అమెరికా పద్ధతే అది. అక్కడ చాలా రాష్ట్రాల్లో ఫాగ్ లైటు డిమ్ముకు తోడుగా వాడవలసిందే తప్ప దానికి బదులుగా కాదు. ఐరోపా దారి వేరు. 1958 జెనీవా ఒప్పందం కింద తయారైన నిబంధనల ప్రకారం ఫాగ్ లైటును హెడ్‌లైటుతో నిమిత్తం లేకుండా వేసుకోవడానికీ ఆర్పుకోవడానికీ వీలుండాలి. జపాన్ బండ్లు చాలావాటిలోనూ పార్కింగ్ లైటు వేస్తే చాలు, ఫాగ్ లైటు వెలుగుతుంది. కువైత్ రోడ్డుమీద ఈ మూడు సంప్రదాయాలూ పక్కపక్కనే పరుగెత్తేవి.

1996 జనవరిలో నా భార్యా పిల్లలు ఇండియా నుంచి తెల్లవారుజామున దిగుతున్నారు. మహబూలా నుంచి ఎయిర్‌పోర్టుకు బయలుదేరాను. హైవే ఎక్కగానే మంచు. డిమ్ము వేస్తే అది కూడా పైకి చిమ్మి తెరలా కడుతోంది. అది ఆర్పితే ఫాగ్ లైట్లూ పోతాయి. రోడ్డుపక్క ఆగి ఉన్న నీళ్ళ టాంకరును ఆఖరి క్షణంలో చూసి తప్పించుకున్నాను. మర్నాడే ఒక గరాజ్‌కు పోయి, ఫాగ్ లైటుకు వేరే స్విచ్చి పెట్టించమన్నాను. పావుగంటలో పెట్టించాడు. రెండు దీనార్లు.

తరువాతి మంచురోజు నేను మహారాజులా బయలుదేరాను. హెడ్‌లైటు ఆర్పేశాను, ఫాగ్ లైట్లు మాత్రం వేశాను. రోడ్డు అంచు చక్కగా కనపడుతోంది. మీటరు బోర్డు చీకటిగా ఉంది, అది గమనించి ఆలోచించవలసింది, ఆలోచించలేదు. ఫింతాస్ దగ్గర వెనకనుంచి చెవులు పగిలేలా హారన్, టైర్ల కీచుమోత. కంపెనీ బస్సు ఒకటి నా డిక్కీకి జానెడు దూరంలో ఆగింది. వెనక సీట్లో ఇద్దరు పిల్లలున్నారు. డ్రైవరు దిగివచ్చి, నా బండి వెనక్కి తీసుకుపోయి చూపించాడు. వెనక లైట్లు లేవు. గరాజ్‌వాడు బ్యాటరీ నుంచి తిన్నగా వైరు లాగి ఫాగ్ లైటుకు ఇచ్చాడు. ముందు దీపం వెలుగుతోందని నేను మురిసిపోతున్నాను, వెనకవాడికి అసలు నా బండే లేదు. అమెరికావాడు దీన్ని హెడ్‌లైటుకు ఎందుకు కట్టేశాడో నాకు ఆ రోడ్డుపక్కన నిలబడి అర్థమయింది. హెడ్‌లైటు వేస్తే వెనక లైటు తప్పక వెలుగుతుంది.

దాన్ని సరిచేసినవాడు రాజంపేట వైపు కుర్రవాడు, కారు ఎలక్ట్రీషియన్. బానెట్ ఎత్తి చూసి, "ఎవుడు సార్ ఇట్ల కట్టింది? ఫ్యూజు గూడా లేదే, వైరు కాలిందంటే బండి మొత్తం పోతాది" అన్నాడు. నేను నా బాధ చెప్పుకున్నాను. "పెద్దకోడలు లేస్తేగానీ చిన్నకోడలు లేవగూడదంటే మంచులో ఎట్ల సార్? విడదీద్దాం. కానీ ఇంట్లో ఎవురికీ చెప్పకుండా లేవగూడదు, అంతే" అని పని మొదలుపెట్టాడు.

అతను వాడింది రిలే అనే చిన్న డబ్బీ. దీని వంశం కారుకన్నా పాతది. 1830లలో జోసెఫ్ హెన్రీ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు, దూరంనుంచి వచ్చే బలహీనమైన కరెంటుతో విద్యుదయస్కాంతాన్ని లాగించి, దానితో పెద్ద కరెంటును నడిపించాడు. టెలిగ్రాఫ్ తంతి నూర్ల మైళ్ళు పోగలిగింది ఈ ఉపాయం వల్లనే. అలసిన గుర్రాన్ని వదిలి మజిలీలో కొత్త గుర్రాన్ని కట్టే తపాలా పద్ధతి పేరే దీనికీ వచ్చింది. కారులోనూ అదే పని. రెండు 55 వాట్ల బల్బులకు 12 వోల్టుల దగ్గర తొమ్మిది ఆంపియర్లు పైన కావాలి. అంత కరెంటు డాష్‌బోర్డు స్విచ్చిలోంచి పోతే స్విచ్చి కరిగిపోతుంది. స్విచ్చికి చిటికెడు కరెంటు ఇచ్చి, రిలే చేత పెద్దపని చేయించాలి.

డబ్బీ అడుగున నాలుగు కాళ్ళు, వాటిమీద జర్మన్‌వారి అంకెలు. 30కి బ్యాటరీ నుంచి 15 ఆంపియర్ల ఫ్యూజు ద్వారా లావు వైరు. 87 నుంచి ఫాగ్ లైట్లకు. 85 బాడీకి. మిగిలిన 86 దగ్గరే కిటుకంతా ఉంది. కంపెనీవాడు ఆ కాలికి కరెంటును డిమ్ము వైరు నుంచి తెచ్చాడు. గరాజ్‌వాడు మొత్తం డబ్బీనే పక్కకు నెట్టేశాడు. రాజంపేట కుర్రవాడు డిమ్ము వైరును విడదీసి, కొస టేపు చుట్టి, పార్కింగ్ లైటు వైరు నుంచి కొత్త స్విచ్చి మీదుగా 86కు ఇచ్చాడు. ఇక పార్కింగ్ లైటు వేయకుండా ఫాగ్ లైటు వెలగదు. పార్కింగ్ వేస్తే వెనక ఎర్రదీపాలూ, నంబరు ప్లేటు దీపమూ, మీటరు బోర్డూ తప్పక వెలుగుతాయి. హెడ్‌లైటు మన ఇష్టం. ఐరోపా నిబంధన కూడా సరిగ్గా ఇదే చెబుతుందని నేను చాలా ఏళ్ళ తరువాత చదివాను. ఫాగ్ లైటు హెడ్‌లైటుకు స్వతంత్రం, కానీ ముందువెనకల పార్కింగ్ లైట్లు వెలగకుండా అది వెలగకూడదు. పదో తరగతి తప్పిన ఆ కుర్రవాడు ఆ పుస్తకం చూసి ఉండడు.

ఒక మాట మన కుర్రకారుకు చెప్పాలి. మంచులేని రాత్రి సోకుకోసం ఫాగ్ లైట్లు వేసుకుని గల్ఫ్ రోడ్డు మీద తిరగడం ఎదుటివాడి కళ్ళలో కారం కొట్టడమే. మంచు పల్చబడితే డిమ్ము వేసుకుని, వీటిని ఆర్పేయాలి. హెడ్‌లైట్లు లేకుండా కేవలం ఫాగ్ లైట్లతో నడపడం దట్టమైన మంచులో, నత్తనడకన పోయేటప్పుడు మాత్రమే. ఇప్పటి బండ్లలో అయితే వైరు కోయనే కూడదు. లైట్లన్నీ కంప్యూటరు చెప్పుచేతల్లో ఉంటాయి. వైరు తెగితే డాష్‌బోర్డు నిండా హెచ్చరికలు వెలుగుతాయి. కొన్ని బండ్లలో ఈ మార్పును మెకానిక్ కంప్యూటరు తగిలించి చేస్తాడు. ఏది చేసినా ఫహస్‌కు వెళ్ళినప్పుడు ఇబ్బంది రాకుండా ముందే కనుక్కోవాలి.

ఆ కారును 2004లో అమ్మేశాను. కొన్నవాడికి స్విచ్చి చూపించి, అరగంట కూర్చోబెట్టి అంతా చెప్పాను. రాజంపేట కుర్రవాడు, ఇప్పుడు కుర్రవాడేమీ కాదు, ఊరికి తిరిగిపోయి సొంత షాపు పెట్టుకున్నాడు. సంక్రాంతికి ఫోను చేస్తే కుశలప్రశ్నలన్నీ అయ్యాక నా కొత్త బండి గురించి అడుగుతాడు. "ఎనక లైట్లు ఎలుగుతాన్నాయా సార్?" అంటాడు. ఫోను పెట్టేసి, చెప్పులేసుకుని కిందికి దిగి చూసి వస్తాను.